ఏడిస్తే ఏడవనివ్వండి, అబద్ధం మాత్రం చెప్పకండి: మొదటిసారి బడికెళ్లే పిల్లల కోసం ఇంట్లో చేయాల్సినవి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో వేసవి సెలవులు ముగిసి బడులు సాధారణంగా జూన్ 12న తెరుచుకుంటాయి. ఆ వారమంతా నర్సరీ, ఎల్‌కేజీ గేట్ల దగ్గర ఒకటే గోల. అమ్మీ దుపట్టా గుప్పిట్లో బిగించి వదలని పాప ఒకవైపు, అబ్బా బండి దిగనని మొండికేసే బాబు ఇంకోవైపు. "రెండ్రోజులు ఏడుస్తాడు, తర్వాత వాడే అలవాటు పడతాడు" అని పెద్దవాళ్లు ధైర్యం చెబుతుంటారు.

చాలామంది పిల్లలు నిజంగానే అలవాటు పడతారు. కానీ బడి నచ్చి ఏడుపు మానేసిన పిల్లాడికీ, భయపడి నోరు మూసుకున్న పిల్లాడికీ చాలా తేడా ఉంది. బయటికి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. చదువు మీద పిల్లలకు కలిగే మొదటి అభిప్రాయం ఈ కొన్ని వారాల్లోనే ఏర్పడుతుంది కాబట్టి తల్లిదండ్రులు కొంచెం ముందునుంచే సిద్ధమవడం మంచిది.

ఏడుపు ఎందుకు వస్తుంది?

మూడు, నాలుగేళ్ల పిల్లలకు టైం తెలియదు. "మధ్యాహ్నం వస్తా" అన్న మాట వాళ్లకు అర్థం కాదు. అమ్మ కనిపించడం లేదు, మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు, చుట్టూ కొత్త ముఖాలు. ఏడుపు రావడం సహజం. అది మొండితనం కాదు, పెంపకంలో లోపం కూడా కాదు. దాదీ, నానీ, ఫూఫీల మధ్య ఉమ్మడి కుటుంబంలో పెరిగిన పిల్లలకు ఒక్కసారిగా ముప్పై మందిలో ఒకడైపోవడం ఇంకాస్త కష్టంగా ఉంటుంది.

ఇంకో సంగతి. కొంతమంది పిల్లలు మొదటి వారం హుషారుగా వెళ్లి, రెండో వారం ఏడుపు మొదలుపెడతారు. కొత్త బ్యాగు, కొత్త బూట్ల సరదా తీరాక ఇది రోజూ చేయాల్సిన పని అని వాళ్లకు అర్థమవుతుంది. దీన్ని చూసి కంగారు పడనక్కర్లేదు.

ఏ వయసులో పంపాలి?

మన ఇళ్లల్లో నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా వేడుక చేసే ఆనవాయితీ ఎప్పటినుంచో ఉంది. అది మతపరమైన తప్పనిసరి నియమం కాదు, ఆచారం మాత్రమే. అయినా చిన్నపిల్లల్ని అక్షరాలకు తొందరపెట్టకూడదన్న జ్ఞానం అందులో కనిపిస్తుంది.

2020 జాతీయ విద్యా విధానం కూడా దీనికి దగ్గరగానే ఉంది. మూడేళ్ల నుంచి ఆరేళ్ల వరకు ఆటలతో, పాటలతో, కథలతో నేర్చుకునే దశ అనీ, ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలనీ అది చెబుతుంది. అంగన్‌వాడీల్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటల చదువు, భోజనం ఉచితం. పక్కింటి పాప మూడేళ్లకే ఏబీసీడీలు రాస్తోందని మన బాబును రెండున్నరేళ్లకే నర్సరీలో వేస్తే, పెన్సిల్ పట్టేంత బలం లేని వేళ్లతో వాడు అవస్థ పడతాడు.

పేరు పిలిస్తే పలకాలి

ఇంట్లో "గుడియా", "బాబా", "మున్నా" అని పిలుస్తాం. హాజరు పట్టీలో ఉండేది వేరే పేరు. టీచర్ పూర్తి పేరు పిలిచినప్పుడు అది తననే అని పిల్లాడికి తెలియదు. కోస్తా, రాయలసీమ జిల్లాల్లో ఇంకో చిక్కు: ఒకే క్లాసులో నలుగురు షేక్‌లు, ముగ్గురు సయ్యద్‌లు ఉంటారు. టీచర్ "షేక్" అని పిలిస్తే నలుగురూ చూస్తారు, లేదా ఒక్కరూ చూడరు.

కాబట్టి బడి తెరవడానికి నెల ముందు నుంచే ఇంట్లో అసలు పేరుతో పిలవడం మొదలుపెట్టాలి. టీచర్‌కు ఏ పేరుతో పిలవాలో, ఎలా పలకాలో మొదటి రోజే చెప్పాలి. జనన ధ్రువపత్రం, ఆధార్, అడ్మిషన్ ఫారం మూడింట్లో పేరు అక్షరాలు ఒకేలా ఉన్నాయో లేదో అప్పుడే చూసుకుంటే, పదో తరగతి సర్టిఫికెట్ నాటికి మీ సేవ చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది.

ఇంటి భాష, బడి భాష

అసలు ఇబ్బంది ఎక్కువగా ఇక్కడే. హైదరాబాద్, కర్నూలు, కడప వైపు చాలా ఇళ్లల్లో దక్కనీ ఉర్దూ మాట్లాడతారు. వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. "మేరేకు పానీ హోనా" అంటే తెలుగు మాత్రమే తెలిసిన టీచర్‌కు అర్థం కాకపోవచ్చు. "నక్కో" అంటే వద్దంటున్నాడని ఆయాకు తెలియకపోవచ్చు. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల్లో చాలా ముస్లిం ఇళ్లల్లో, ముఖ్యంగా దూదేకుల కుటుంబాల్లో, ఇంటి భాష తెలుగే. అక్కడ ఇబ్బంది ఇంగ్లీషుతో. ఉర్దూ మీడియం బడిలో వేస్తే ఉర్దూతో.

దీనికి పిల్లాడికి భాష మొత్తం నేర్పనక్కర్లేదు. అయిదారు మాటలు చాలు. మంచినీళ్లు కావాలి, టాయిలెట్ వస్తోంది, ఆకలేస్తోంది, నొప్పిగా ఉంది, నాకు సాయం చేయండి, వద్దు. ఇవి బడిలో ఏ భాష నడుస్తుందో ఆ భాషలో ఆటలా నేర్పాలి. ఇంట్లో "సూసూ" అని వాడే మాటను టీచర్‌కు కూడా చెప్పి ఉంచాలి. తడిసిన బట్టలతో పిల్లాడు గంటసేపు కూర్చోవడానికి చాలాసార్లు కారణం ఇంత చిన్న మాటే.

కొత్త భాష మధ్యలో పడిన పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలల తరబడి బడిలో ఏమీ మాట్లాడకపోవచ్చు. అంతసేపూ వాళ్లు వింటూనే ఉంటారు, లోపల పోగుచేసుకుంటూ ఉంటారు. "ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అని బడివాళ్లు అంటే అమ్మీ తనకు రాని భాషలో తడబడుతూ మాట్లాడాల్సిన పని లేదు. ఇంటి భాష గట్టిగా ఉన్న పిల్లలకు రెండో భాషకు పునాది దొరుకుతుంది. విద్యా విధానం కూడా వీలైనంతవరకు కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలోనే బోధన ఉండాలని సూచిస్తోంది. దాదీ చెప్పే కథలు ఆపొద్దు.

టాయిలెట్, టిఫిన్ డబ్బా

అమ్మీ కడిగితేనే అలవాటైన పిల్లాడు బడిలో ఎవర్ని అడగాలో తెలియక బిగబట్టుకుంటాడు. పైజామా నాడా విప్పలేడు. అందుకే ఎలాస్టిక్ ఉన్న నిక్కరు వేయండి. మగ్గుతో నీళ్లు పోసుకుని ఎడమచేత్తో కడుక్కోవడం, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవడం ఇంట్లోనే కొన్ని వారాల ముందు నుంచి చేయించాలి. బడి టాయిలెట్‌లో నీళ్లు, మగ్గు ఉన్నాయో లేవో అడ్మిషన్ రోజే వెళ్లి చూడాలి. ఇది అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

డబ్బాలో పిల్లాడు తనంతట తాను తినగలిగేదే పెట్టండి. మూత తానే తీయగలగాలి. ఇంట్లో నాలుగైదు సార్లు నేల మీద చాప వేసి "బడి ఆట" ఆడి అదే డబ్బాలో తినిపిస్తే చాలు. పక్క పిల్లల డబ్బాలో మాంసం ఉంటే తినకూడదని చెప్పేటప్పుడు "వాళ్లది మురికి" లాంటి మాటలు రానివ్వకండి. "మనింట్లో హలాల్ తింటాం, థాంక్యూ చెప్పి వద్దను" అంటే సరిపోతుంది. ఆ మాట టీచర్ చెవిన కూడా వేయండి. స్నేహం మొదలయ్యేది డబ్బాల దగ్గరే.

గేటు దగ్గర ఏం చేయాలి?

చాలామంది చేసే పని: పిల్లాడు బొమ్మ చూస్తుండగా మెల్లగా జారుకోవడం. లేదా "నేనిక్కడే గేటు బయట కూర్చుంటా" అని చెప్పి వెళ్లిపోవడం. ఆ రోజుకు గండం గడుస్తుంది. మర్నాడు పిల్లాడు అమ్మను ఒక్క క్షణం వదలడు, ఎందుకంటే కళ్లు తిప్పితే మాయమవుతుందని నేర్చుకున్నాడు.

అబ్దుల్లా బిన్ ఆమిర్ (రజి) చిన్నప్పటి సంఘటన ఒకటి హదీసుల్లో ఉంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) వాళ్లింట్లో ఉండగా తల్లి ఆయనను ఏదో ఇస్తానని పిలిచింది. ఏమివ్వబోతున్నావని ప్రవక్త (స) అడిగారు. ఖర్జూరం అని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది నీ పేర అబద్ధంగా రాయబడేదని ఆయన అన్నారు. పిల్లలే కదా అని చెప్పే అబద్ధం కూడా అబద్ధమే. పసిపిల్లల ఏడుపు విని, తల్లి ఇబ్బంది పడకూడదని నమాజును కుదించిన ప్రవక్త (స) ఆయనే.

అందుకని నిజం చెప్పండి. గంటల్లో కాదు, పనుల్లో చెప్పండి. "ప్రేయర్ అవుతుంది, ఆడుకుంటావు, డబ్బా తింటావు, బెల్లు కొడతారు, అప్పుడు నానీ వస్తుంది." తర్వాత ఒక ముద్దు, ఒక దువా, ఖుదా హాఫిజ్. రోజూ ఇదే వరస. వెనక్కి తిరిగి వచ్చి మళ్లీ ఎత్తుకోవద్దు, కిటికీలోంచి తొంగిచూడొద్దు. తీసుకొస్తానన్న మనిషే, అన్న సమయానికే వెళ్లాలి.

శుక్రవారం సంగతి ముందే అనుకోండి. నర్సరీ వదిలే టైం, జుమా టైం చాలాచోట్ల ఒకటే. అబ్బా మస్జిద్‌లో ఉంటే, అందరూ వెళ్లిపోయాక ఖాళీ వరండాలో పిల్లాడు ఒక్కడే మిగిలిపోతాడు. ఆ ఒక్క అరగంట నాలుగు రోజుల ధైర్యాన్ని పోగొడుతుంది. ఆటో అన్న వస్తాడా, ఖాలా వస్తుందా అన్నది గురువారం రాత్రే పిల్లాడికీ టీచర్‌కూ చెప్పాలి.

స్కూలు, మక్తబ్ రెండూ ఒకేసారా?

చాలా ఇళ్లల్లో జూన్‌లోనే బడి, అసర్ తర్వాత మక్తబ్ కలిపి మొదలుపెడతారు. నాలుగేళ్ల పిల్లకు రోజుకు రెండు కొత్త చోట్లు, ఇద్దరు కొత్త గురువులు. వీలైతే ఒకటి కుదురుకున్నాక, రెండు మూడు నెలల తర్వాత రెండోది మొదలుపెట్టడం మేలు. అప్పటిదాకా ఇంట్లోనే అమ్మీ ఒడిలో ఒక చిన్న సూరా, అన్నం ముందు దువా చాలు.

అలిఫ్, బే కుడి నుంచి ఎడమకు. ఏబీసీడీ, అఆఇఈ ఎడమ నుంచి కుడికి. పిల్లలు అక్షరాలను తిరగేసి రాస్తే కొట్టకండి. ఒకే లిపి నేర్చుకునే పిల్లలు కూడా ఈ వయసులో అలా రాస్తారు, ఏడేళ్లు వచ్చేసరికి చాలామందిలో అదే పోతుంది. జాతీయ స్కూల్ బ్యాగ్ పాలసీ 2020 ప్రకారం ప్రీ ప్రైమరీ పిల్లలకు బ్యాగు మోత ఉండకూడదు, రెండో తరగతి వరకు హోంవర్క్ ఇవ్వకూడదు. నాలుగు పేజీల కాపీ రైటింగ్ ఇస్తే ఈ మాట మర్యాదగా గుర్తుచేయవచ్చు.

ఇంటికొచ్చాక

గుమ్మంలోనే "ఈరోజు ఏం నేర్పారు?" అని అడిగితే "ఏం లేదు" అనే జవాబే వస్తుంది. ముందు నీళ్లు, తిండి, కాసేపు ఒడి. తర్వాత "ఎవరి పక్కన కూర్చున్నావు?", "ఎప్పుడు నవ్వావు?", "ఎవరైనా ఏడిచారా?" అని అడగండి. మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండుకు పడుకుని ఏడింటికి లేచే పిల్లాడి పొద్దుటి ఏడుపులో సగం నిద్రలేమే.

రెండు మాటలు మానుకోవాలి. ఒకటి, "అల్లరి చేస్తే టీచర్‌కి చెప్తా." దీంతో టీచర్ భూతమైపోతుంది. రెండు, "ఇంత ఫీజు కట్టాం, నువ్వేమో ఏడుస్తున్నావు." ఫీజు బరువు నిజమే, కానీ దాన్ని మోయాల్సింది నాలుగేళ్ల భుజాలు కాదు.

ఎప్పుడు పట్టించుకోవాలి?

నెల దాటినా ఏడుపు తగ్గకపోయినా, తిండి, నిద్ర దెబ్బతిన్నా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలై ఆగకపోయినా, ఒక మనిషిని లేదా ఒక చోటును చూసి ప్రత్యేకంగా భయపడినా టీచర్‌తో విడిగా కూర్చుని మాట్లాడాలి. ఇంటి భాషలో పిలిచినా పలకకపోతే, మాటలు వయసుకు తగ్గట్టు రాకపోతే వినికిడి పరీక్ష చేయించాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ, ప్రభుత్వ బడుల పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేస్తారు, అవసరమైతే జిల్లా కేంద్రానికి పంపుతారు.

ఒంటి మీద దెబ్బలు కనిపిస్తే ఊరుకోవద్దు. విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. అది ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల కోసం చేసిన చట్టం. అంతకంటే చిన్న పిల్లలైనా, చోటు ఏదైనా, తమ సంరక్షణలో ఉన్న పిల్లల్ని హింసించేవారికి 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద శిక్ష ఉంది. సాయం కోసం 1098కి ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. "ఉస్తాద్ కొట్టిన చోట నరకాగ్ని తాకదు" లాంటి మాటలు చెప్పి పిల్లాడి నోరు మూయించకండి. ఇంట్లో నమ్మరని తెలిస్తే వాడు రెండోసారి చెప్పడు.

చివరగా, పోలికలు వద్దు. అన్న మూడు రోజుల్లో అలవాటు పడి ఉండొచ్చు, చెల్లికి ఆరు వారాలు పట్టొచ్చు. ఈరోజు గేటు దగ్గర పది నిమిషాలు ఏడ్చిన పాప రేపు ఎనిమిది నిమిషాలే ఏడిస్తే అది ముందడుగే. షుక్ర్ చెప్పుకుని, డబ్బాలో తనకిష్టమైనది ఏదో ఒకటి పెట్టి పంపండి.