వార్తల్లో పదం: వృత్తి పన్ను

ఉద్యోగం, వ్యాపారం, వృత్తి చేసుకునేవారిపై రాష్ట్రం వేసే పన్ను ఇది. పే స్లిప్పులో 'పి.టి.' అని కనిపించేది ఇదే.

ఆంధ్రప్రదేశ్‌లో దీనికి 1987 నాటి చట్టం ఆధారం. నెల జీతం రూ.15 వేల వరకు పన్ను లేదు. అది దాటితే రూ.20 వేల వరకు నెలకు రూ.150, ఆపైన ఎంతైనా రూ.200. యజమానే జీతంలో పట్టుకుని ఖజానాకు కడతాడు.

చిక్కంతా ఆ 'ఎంతైనా' దగ్గరే. రాజమహేంద్రవరం తాడితోట బట్టల దుకాణంలో రూ.21 వేలు తెచ్చుకునే గుమాస్తాకూ, రూ.2 లక్షల జీతగాడికీ కోత ఒక్కటే. గుమాస్తాకు అది జీతంలో దాదాపు ఒక శాతం, రెండోవారికి 0.1 శాతం. చిన్న తేడా కాదిది.

పైవారికి బాగా పెంచుదామన్నా రాజ్యాంగం 276వ అధికరణ ఒప్పుకోదు. ఏడాదికి రూ.2,500 మించకూడదన్న పరిమితి 1988లో 60వ సవరణతో వచ్చింది. కింది శ్లాబును జరపడం మాత్రం రాష్ట్రం చేతిలోనే ఉంది.