కారంపూడి కొణతాలు, తాండూరు బండలు: కళ్లముందు నడిచే చరిత్ర

కార్తీక అమావాస్య వచ్చిందంటే పల్నాడులోని కారంపూడి జనంతో నిండిపోతుంది. వీరాచారవంతులు తమ ఊళ్ల నుంచి కొణతాలు భుజాన మోసుకుంటూ వస్తారు. ఆ ఆయుధాలకు నాగులేటిలో స్నానం చేయించి వీరుల గుడికి చేరుస్తారు. అక్కడ పూజలందుకునేవి ఆయుధాలే. ఆ తర్వాత ఐదు రోజులు పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధం ఊరంతా నడుస్తుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, చివరికి కళ్లిపాడు. కథ తెలిసినవారు ఒక సంగతి ఇట్టే పట్టేస్తారు. కథలో కోడిపందెం ముందు జరుగుతుంది. అందులో ఓడి మాచర్ల పాలకులైన మలిదేవాదులు ఊరు విడిచి వలస పోయాకే పశువుల మందల మీద జరిగిన మందపోరు. వలస గడువు తీరాక అలరాజు రాయబారం. ఉత్సవంలో మాత్రం రాయబారం రెండో రోజే వస్తుంది, కోడిపోరు నాలుగో రోజుకు జరుగుతుంది. ఉత్సవానికి దాని వరస దానికి ఉంది.

శ్రీనాథుడి పేరున ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. అచ్చు రాకముందు, అక్షరం రాని వాళ్లకు కూడా ఆ కథలోని బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు, కన్నమదాసు తెలుసు. పాటగా విన్నారు, ఉత్సవంగా చూశారు, చాపకూడులో కూర్చుని తిన్నారు. అన్ని కులాలనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు భోజనం పెట్టించాడని కథ చెబుతుంది. పక్కన కూర్చున్నది ఎవరో అడగకుండా విస్తరి ముందు కూర్చున్న పిల్లవాడికి అందరూ సమానమేనన్న ముక్క ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

గతాన్ని చదివించడంతో ఆగకుండా, మనుషులు చేసి చూపించి, చూసేవారి చేత కూడా చేయించే ఈ పద్ధతిని లివింగ్ హిస్టరీ అంటున్నారు. సజీవ చరిత్ర అనుకుందాం. దీన్ని మ్యూజియంగా మలిచిన తొలి ప్రయత్నాల్లో పేరున్నది స్వీడన్‌లోని స్కాన్సెన్. యంత్రాల రాకతో పల్లె బతుకు కనుమరుగవుతోందని బెంగపడిన ఆర్టర్ హజేలియస్ దాన్ని 1891లో స్టాక్‌హోమ్‌లో తెరిచాడు. దేశం నలుమూలల నుంచి పాత ఇళ్లను విప్పి తెచ్చి అక్కడ మళ్లీ నిలబెట్టారు. నాటి దుస్తుల్లో ఉన్నవారు పొయ్యి రాజేసి రొట్టెలు కాలుస్తారు, గాజు ఊదుతారు. మన హైదరాబాద్ మాదాపూర్‌లో 1992లో మొదలైన శిల్పారామంలోనూ పల్లె మ్యూజియం ఉంది. కుమ్మరి, సాలె నిలువెత్తు బొమ్మలుగా కనిపిస్తారు. బొమ్మలు చక్కనివే. కానీ సారె ఎందుకు అంత వేగంగా తిరగాలి, మట్టి తడి ఎంత ఉండాలి అని పిల్లలు అడిగితే బొమ్మ జవాబు చెప్పలేదు.

సజీవ చరిత్రకు ఒక పెద్ద గండం ఉంది. అందంగా ఉన్నదాన్ని చూపించి నొప్పిని దాచేయడం. అమెరికాలోని విలియమ్స్‌బర్గ్ ఆ సంగతి ఆలస్యంగా నేర్చుకుంది. పద్దెనిమిదో శతాబ్దపు వర్జీనియా రాజధానిని రాక్‌ఫెల్లర్ డబ్బుతో 1920ల చివర నుంచి పునర్నిర్మించారు. ఆనాడు ఊళ్లో సుమారు సగం మంది నల్లజాతి బానిసలు. అయినా పర్యాటకులకు దశాబ్దాల పాటు దొరల ఇళ్లు, గుర్రపు బగ్గీలే ఎక్కువగా కనిపించాయి. 1979 నుంచి బానిసల బతుకును నటులు చెప్పడం మొదలుపెట్టారు. 1994లో బానిసల వేలాన్నే నటించి చూపించారు. నిరసనలు వచ్చాయి. నిరసన తెలపడానికి వచ్చి, చూశాక మనసు మార్చుకున్నవారూ ఉన్నారు. ఆ వేలం చూపించడమే సరైన పని. మనవాళ్లు ఇలాంటి పని ఏది మొదలుపెట్టినా ఈ పాఠం ముందే గుర్తుంచుకోవాలి.

ఇక తాండూరుకు వద్దాం. తెలంగాణ, ఆంధ్ర ఇళ్లలో ఎందరో నడిచి పెరిగిన నేల అక్కడి నాపరాయి బండ. పొరలు పొరలుగా ఉండే ఈ సున్నపురాయి కర్ణాటకలోని షాబాద్ దాకా పరచుకుని ఉంది. నిజాం రాజ్యంలో సికింద్రాబాద్–వాడి రైలు మార్గం 1874లో మొదలైంది. వికారాబాద్, తాండూరు ఆ దారిలోనివే. గని నుంచి తీసిన బండ రైలెక్కి దూరపు ఊళ్లకు పోయింది. ఇప్పుడు కోత మిషన్లు వచ్చాయి, పాలిషింగ్ యూనిట్లు వచ్చాయి. రోడ్డు పక్కన రాతి వ్యర్థాల గుట్టలూ పెరిగాయి. సమ్మెట, ఉలి, గునపాలతో పొర విడదీసిన తరం ముసలిదైపోతోంది. ఏ పొర ఎక్కడ విడుతుందో ఆ చేతులకు తెలుసు. ఆ తెలివి ఏ పుస్తకంలోనూ పూర్తిగా ఎక్కలేదు.

ఇలాంటి తెలివిని నిలబెట్టవచ్చని ఫ్రాన్స్‌లోని గెదలోన్ రుజువు చేసింది. 1997లో, బుర్గుండీలోని ఒక పాత రాతి గని దగ్గర, పదమూడో శతాబ్దపు పద్ధతులతోనే కోట కట్టడం మొదలుపెట్టారు. రాయి అక్కడే తీస్తారు, ఇనుము అక్కడే కాలుస్తారు, దూలాలు గొడ్డళ్లతో చెక్కుతారు. పర్యాటకులు టికెట్ కొని వచ్చి పనివాళ్లను ప్రశ్నలతో ముంచెత్తుతారు. 2019లో పారిస్ నోత్రదాం చర్చి పైకప్పు కాలిపోయినప్పుడు, దాన్ని తిరిగి నిలిపిన వడ్రంగుల్లో గెదలోన్‌లో చేయి తిరిగినవారు ఉన్నారు. వేడుకగా నేర్పిన పని దేశానికి అవసరమైన రోజున అక్కరకు వచ్చింది.

తాండూరులో కోట కట్టనవసరం లేదు. గనికి దూరంగా, పిల్లలకు ప్రమాదం లేని చోట, ఒక చిన్న పందిరి కింద పాత పద్ధతిలో బండను పొర విడదీసి చూపిస్తే చాలు. అయితే దుమ్ము మాట దాచకూడదు. కూలి ఎంత వచ్చేది, ఎవరి వేలు నలిగింది, వలస కుటుంబాలు ఎక్కడ తలదాచుకున్నాయి అన్నది కూడా చెప్పాలి. పక్కనే ఒక తిరగలి పెట్టి, 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిని పప్పు చేసి చూపించవచ్చు. తిరగలి తిప్పిన పిల్లకు అమ్మమ్మ భుజం నొప్పి ఎక్కడిదో అర్థమవుతుంది.

వికారాబాద్ దగ్గరి అనంతగిరికి మరో కథ ఉంది. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. ముచుకుందుడి పేరుతో ముచుకుంద నది అన్న పేరు కూడా దీనికి ఉంది. వారాంతాల్లో హైదరాబాద్ నుంచి వచ్చి అనంత పద్మనాభుణ్ని దర్శించుకుని, అడవిలో తిరిగి వెళ్లేవారిలో చాలామందికి, ఇక్కడి వాగు నీరే 1908 సెప్టెంబర్ 28న తమ నగరాన్ని ముంచిందన్న ఊహ ఉండదు. ఆ రోజు అఫ్జల్‌గంజ్ దగ్గరి ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు ఉంది. ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని ఆ వరదలో పోగొట్టుకున్నారు. ఏటా ఆ తేదీన నగరవాసులు కొందరు ఆ చెట్టు కింద చేరి మృతులను తలుచుకుంటున్నారు. వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాలతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి.

ఆ తలపోత చెట్టు దగ్గరే ఆగిపోనక్కర్లేదు. అదే రోజున బడి పిల్లలు అనంతగిరిలో నీటి ఊట దగ్గర మొదలై, వికారాబాద్ మీదుగా నగరానికి వెళ్లి, చింతచెట్టు కింద నిలబడితే ఒక్క రోజులో నది చరిత్ర వాళ్ల కాళ్లకు తెలుస్తుంది. ఖర్చు ఒక బస్సు, మధ్యాహ్న భోజనం.

ఇవన్నీ ప్రభుత్వ పథకం వచ్చేదాకా ఎదురుచూడాల్సిన పనులు కావు. వికారాబాద్, తాండూరు బడుల్లో సాంఘిక శాస్త్రం చెప్పే టీచర్లు ఈ ఏడాదే ఒక పని చేయవచ్చు. సమ్మెట పట్టిన ఒక వృద్ధ గని కార్మికుణ్ని, తిరగలి తిప్పిన ఒక అవ్వను బడికి పిలవండి. వాళ్ల చేత పని చేయించి, పిల్లల చేత ప్రశ్నలు అడిగించి, ఫోన్‌లో రికార్డు చేసి ఉంచండి. వచ్చినవారికి ఆ రోజు కూలి తప్పకుండా ఇవ్వండి.