వేసవి తరగతులలో ప్రపంచ వ్యవహారములు

గ్రామమున కాలువ నీటికై ఎగువ రైతులకును దిగువ రైతులకును తగవు వచ్చినప్పుడు పెద్దలు కూర్చుండి, పూర్వపు వాడుక యేమి, వెనుకటి ఒప్పుదల యేమి, ఎవరి పైరుకు ఎంత నీరు కావలయును అని విచారింతురు. బలవంతుని మాటయే చెల్లినచో అది తీర్పు అనిపించుకొనదు. దేశములకును ఇట్టి తగవులే కలవు. నదీజలములు, సముద్రపు హద్దులు, సరకుల రాకపోకలు, పరదేశమున పని చేయువారి రక్షణ, వీనిలో ఏ విషయమునందు పేచీ వచ్చినను, న్యాయమేదో నిర్ణయించుటకు ఇరుపక్షములకును సమ్మతమైన నియమములు కావలెను. ఆ నియమములను, దేశముల నడవడిని పరిశీలించు విద్యయే అంతర్జాతీయ వ్యవహారముల అధ్యయనము.

ఈ విద్యను ఏండ్ల తరబడి విశ్వవిద్యాలయములలో అభ్యసించువారు కలరు. అంత అవకాశము లేనివారికై వేసవిలో కొద్ది వారములపాటు నడచు తరగతులు కూడ ఏర్పడినవి. వీనిలో మిక్కిలి పేరు గాంచిన ఒక సంస్థను గూర్చియు, దానిలో బోధించు విద్యకును మన పల్లెలకును గల సంబంధమును గూర్చియు మా పాఠకులకు ఇచట వివరింపదలచితిమి.

శాంతి సౌధము

నెదర్లాండ్స్ దేశమున హేగ్ అను నగరము కలదు. అచట 1913 ఆగస్టు 28వ తేదీన శాంతి సౌధమను గొప్ప భవనము ప్రారంభింపబడెను. అమెరికాలో ఉక్కు పరిశ్రమవలన ధనవంతుడైన ఆండ్రూ కార్నెగీ దీని నిర్మాణమునకు 15 లక్షల డాలర్లు విరాళమిచ్చెను. దేశములు యుద్ధము మాని న్యాయస్థానమున తమ తగవులు తీర్చుకొనవలెనని దాతల ఆశయము. ఆ మరుసటి యేడే మొదటి ప్రపంచయుద్ధము వచ్చిపడినది. సౌధమునకు అనుబంధముగా అంతర్జాతీయ న్యాయవిద్యాలయమును నెలకొల్పవలెనన్న సంకల్పము యుద్ధము మూలమున ఆగి, తుదకు 1923 జూలైలో నెరవేరెను. అదియే హేగ్ అంతర్జాతీయ న్యాయ అకాడమీ.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మటను ఇట్టి ప్రయత్నములే జరిగినవి. నార్వే దేశపు ఓస్లో విశ్వవిద్యాలయమును 1943లో ఆక్రమణదారులైన జర్మనులు మూసివేసి, విద్యార్థులను వందల సంఖ్యలో నిర్బంధించిరి. అదే విశ్వవిద్యాలయము 1947లో పరదేశ విద్యార్థులను ఆహ్వానించి వేసవి పాఠశాలను ప్రారంభించెను. యుద్ధముల నష్టమును కన్నులారా చూచిన తరమువారు, వివిధ దేశముల యువజనులు ఒకచోట కూర్చుండి చదువుకొనుట అవసరమని గ్రహించిరి.

తరగతులు నడచు విధము

హేగ్ అకాడమీలో వేసవి తరగతులు రెండు భాగములుగా జరుగును. దేశములకును దేశములకును నడుమ వర్తించు న్యాయమునకు మూడు వారములు. వేర్వేరు దేశములకు చెందిన వ్యక్తుల నడుమ వివాహము, వారసత్వము, వ్యాపారము మొదలగు విషయములందు ఏ దేశపు చట్టము వర్తించునో తేల్చు న్యాయమునకు మూడు వారములు. ఉపన్యాసములు ఆంగ్లమునగాని ఫ్రెంచి భాషయందుగాని ఉండును. ఒక భాషలో చెప్పుచుండగనే రెండవ భాషలో వినుటకు ఏర్పాటు కలదు. ఉపన్యాసములు గాక, విద్యార్థులు ప్రశ్నించుటకును చర్చించుటకును ప్రత్యేక గోష్ఠులు జరుగును. అచటి ఉపన్యాసములను సంపుటములుగా ప్రకటించుచున్నారు. సౌధములోని గ్రంథాలయము అంతర్జాతీయ న్యాయమునకు ప్రపంచప్రసిద్ధము. అంతర్జాతీయ న్యాయస్థానము కూడ ఆ సౌధముననే కలదు.

హాజరైనవారికి హాజరు పత్రము లభించును. డిప్లొమా మాత్రము కఠినమైన పరీక్షలో నెగ్గిన బహు కొద్దిమందికే దక్కును. ఈ తరగతులు పట్టమునకు బదులు కావు. ఇదివరకే న్యాయవిద్య అభ్యసించినవానికి ఇవి పదును పెట్టును.

మన పల్లెలకేమి సంబంధము?

దూరదేశపు చదువు మనకెందుకని కొందరు పాఠకులు అడుగవచ్చును. రెండు ఉదాహరణములు చెప్పెదము.

కరీంనగరము, నిజామాబాదు, జగిత్యాల ప్రాంతముల నుండి ఎందరో గల్ఫు దేశములకు కూలికై వెళ్లుచున్నారు. వారిలో ఒకడు ఏదో కారణమున అచట నిర్బంధింపబడినాడనుకొందము. భాష తెలియదు, వకీలు లేడు, ఇంటికి కబురు లేదు. ఇట్టివారికొరకు 1963లో వియన్నా నగరమున దేశములు ఒక ఒడంబడిక చేసికొన్నవి. దాని 36వ అధికరణము ప్రకారము, పరదేశీయుని నిర్బంధించిన అధికారులు, తన దేశపు రాయబార కార్యాలయమునకు కబురు పంపించుకొను హక్కు అతనికి కలదని ఆలస్యము చేయక తెలుపవలెను. అతడు కోరినచో కబురు పంపవలెను. మన అధికారి వెళ్లి అతనిని చూచుటకును, మాట్లాడుటకును, వకీలును ఏర్పాటు చేయుటకును హక్కు కలదు.

ఇది కాగితముమీది మాట మాత్రమే కాదు. పాకిస్తానులో మరణశిక్ష పడిన కులభూషణ్ జాధవ్ విషయమున భారతదేశము 2017లో ఈ అధికరణమునే ఆధారము చేసికొని హేగ్ న్యాయస్థానమునకు వెళ్లెను. పాకిస్తాను ఆ నియమమును ఉల్లంఘించినదనియు, శిక్షను పునర్విచారణ చేయవలెననియు 2019 జూలై 17వ తేదీన తీర్పు వచ్చెను. అయితే ఆ తీర్పు అతనిని విడుదల చేయుమని ఆజ్ఞాపింపలేదు. మరియు ఆ న్యాయస్థానమునకు వ్యక్తులు వెళ్లజాలరు, దేశములే వెళ్లవలెను. వ్యాజ్యము విచారించుటకు ఇరుపక్షముల సమ్మతియు ఏదో యొక రూపమున ఉండవలెను. ఇట్టి హద్దులు తెలియుటయు విద్యలో భాగమే. మంచి నియమము ఉన్నదని తెలియనివాడు దానిని అడుగలేడు. దాని హద్దు తెలియనివాడు వట్టి ఆశలతో మోసపోవును.

రెండవ ఉదాహరణము బంగాళాఖాతమునకు సంబంధించినది. భారత, బంగ్లాదేశముల నడుమ సముద్రపు హద్దు చిరకాలము తేలకుండెను. హేగ్‌లోని శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానము నిర్వహణలో ఏర్పడిన మండలి 2014 జూలై 7వ తేదీన తీర్పు చెప్పెను. వివాదాస్పదమైన సుమారు 25,600 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశమునకు దక్కెను. పెద్ద దేశమైనను మనము ఆ తీర్పును అంగీకరించితిమి. అయిదుగురు సభ్యులుగల ఆ మండలిలో మన దేశపు న్యాయవేత్త పెమ్మరాజు శ్రీనివాసరావు ఒకరు. వారు కొన్ని అంశములందు తమ అసమ్మతిని వ్రాసిరి. కృష్ణా జిల్లాలో జన్మించిన పి. చంద్రశేఖరరావు జర్మనీలోని హాంబుర్గు నగరమున గల అంతర్జాతీయ సముద్ర న్యాయమండలిలో 1996 నుండి 2017 వరకు న్యాయమూర్తిగ ఉండి, 1999 నుండి 2002 వరకు దానికి అధ్యక్షత వహించిరి. తెలుగువారికి ఈ విద్య అందని పండు కాదని ఇందువలన స్పష్టమగుచున్నది.

చేరగోరువారికి

న్యాయశాస్త్ర విద్యార్థులు, పట్టభద్రులు హేగ్ తరగతులకు తగినవారు. నెలల ముందుగానే దరఖాస్తు పెట్టుకొనవలెను. రుసుము, ప్రయాణము, బస అన్నియు కలిసి మధ్యతరగతి కుటుంబమునకు పెద్ద భారమే. అకాడమీ కొందరికి విద్యార్థి వేతనములిచ్చుచున్నది. వానికి పోటీ హెచ్చు. కనుక అప్పు చేయుటకు ముందు వేతనమునకు ప్రయత్నించుట వివేకము. "అంతర్జాతీయ" అను పేరు పెట్టుకొని, సొమ్ము తీసికొని పత్రములు పంచు దళారుల విషయమున జాగ్రత్త వహింపవలెను. సంస్థ స్వయముగా ప్రకటించిన వివరములనే నమ్మవలెను.

వెళ్లలేనివారు నిరాశ చెందనక్కరలేదు. ఐక్యరాజ్యసమితివారు ప్రముఖ న్యాయవేత్తల ఉపన్యాసములను ఇంటర్నెట్ ద్వారా ఉచితముగ అందించుచున్నారు. హేగ్ న్యాయస్థానపు తీర్పులను ఎవరైనను చదువవచ్చును, బహిరంగ విచారణలను చూడవచ్చును. గ్రామ గ్రంథాలయమున నలుగురు చదువుకొన్న యువజనులు వారమునకొక సాయంత్రము కూడి, ఒక ఒడంబడికను చదివి, దాని భావమును తెలుగున పదిమందికి చెప్పిన చాలును. అదియే ఒక వేసవి పాఠశాల యగును.

మొదటి పాఠముగ 36వ అధికరణమును ఎన్నుకొనుడని మా సూచన. గల్ఫునకు బయలుదేరు ప్రతివానికిని దాని సారమును చెప్పుడు. అతడు చేరు దేశమునందలి భారత రాయబార కార్యాలయపు చిరునామాను, ఫోను సంఖ్యను ఒక కాగితముమీద వ్రాసి, ఒక ప్రతిని అతని చేతికిచ్చి, మరియొక ప్రతిని ఇంటనుంచుడు. ఆపద కలిగినప్పుడు విదేశాంగ శాఖవారి 'మదద్' అను ఏర్పాటు ద్వారా ఫిర్యాదు చేయవచ్చునని ఇంటివారికి తెలుపుడు.