‘డి’లో ఉంటే చాలదా? ఆటోమేటిక్ గేర్లు: అపోహలు – వాస్తవాలు

ఆటోమేటిక్ కారు కొన్నవాళ్ళకి ఉచిత సలహాలకు కొదవుండదు. సిగ్నల్ పడగానే న్యూట్రల్ చెయ్యమని బావమరిది చెబుతాడు. ట్రాఫిక్‌లో ‘ఎల్’లో నడపమంటాడు పాత అంబాసిడర్ రోజుల నుంచి స్టీరింగ్ పట్టిన డ్రైవరు. హైవే ఎక్కాక ఫలానా బటన్ నొక్కి చూడమంటాడు షెడ్డులో మెకానిక్. వీటిలో చాలా సలహాలు ఎప్పుడో, ఏదో ఒక బండి విషయంలో నిజమే అయుంటాయి. కానీ మన దగ్గర ‘ఆటోమేటిక్’ అనే ఒక్క పేరు మీద నాలుగు వేర్వేరు యంత్రాలు అమ్ముతున్నారు. ఒకదాని మందు ఇంకోదానికి పనిచెయ్యదు.

మొదటిది టార్క్ కన్వర్టర్. ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఆయిల్ ద్వారా బలం అందుతుంది. అమెరికాలో 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌తో వచ్చిన హైడ్రామాటిక్ నుంచి సాగిన వంశం ఇది. డీజిల్ క్రెటా, పెట్రోలు బ్రెజా ఆటోమేటిక్‌లు ఈ కోవలోవే. రెండోది సీవీటీ: గేర్లే ఉండవు, రెండు పుల్లీల మధ్య స్టీలు బెల్టు తిరుగుతుంది. హోండా సిటీ, అమేజ్‌లలో ఇదే. మూడోది డీసీటీ: రెండు క్లచ్చులు, ఒకటి పట్టు వదిలేలోపే రెండోది అందుకుంటుంది. వెన్యూ టర్బోలో ఉన్నది ఇది. నాలుగోది ఏఎంటీ. మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్చు నొక్కడం, గేరు మార్చడం మాత్రం యంత్రం చేస్తుంది. 2014లో మారుతి సెలెరియోతో మన మార్కెట్లోకి వచ్చి, ఆటోమేటిక్‌ని మధ్యతరగతి ఇంటి ముందు నిలబెట్టింది ఇదే. నాలుగింటి మీదా ‘డి’ అనే రాసి ఉంటుంది. లోపల జరిగేది మాత్రం ఒకటి కాదు.

అపోహ: సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ ‘ఎన్’లో పెట్టకపోతే గేర్‌బాక్స్ అరిగిపోతుంది.

టార్క్ కన్వర్టర్ బండిలో ‘డి’లోనే ఉంచి బ్రేకు నొక్కి నిలబడితే లోపల తిరిగేది ఆయిల్. లోహానికి లోహం రాసుకుని అరిగేది అక్కడ ఏమీ లేదు. కాస్త పెట్రోలు ఎక్కువ కాలుతుంది, అంతే. ‘డి’ నుంచి ‘ఎన్’కీ, మళ్ళీ ‘డి’కీ మార్చిన ప్రతిసారీ లోపలి క్లచ్చులు వదిలి పట్టుకోవాలి. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా పడే ప్రతి సిగ్నల్‌కీ ఈ కసరత్తు చేయిస్తే గేర్‌బాక్స్‌కి సేవ చేసినట్టు కాదు.

ఏఎంటీ, డీసీటీల సంగతి వేరు. బండి ఆగి, బ్రేకు పూర్తిగా నొక్కి ఉన్నప్పుడు కంప్యూటరే క్లచ్చు విడదీస్తుంది. మీరు ‘ఎన్’ చేసినా చెయ్యకపోయినా ఫలితం ఒకటే. అసలు ప్రమాదం సగం బ్రేకుతో. ముందున్న ఆటో అంగుళం కదిలితే మనమూ అంగుళం కదులుదామని బ్రేకు మీద కాలు తేలికగా ఆనించి ఉంచితే క్లచ్చు పూర్తిగా పట్టుకోదు, పూర్తిగా వదలదు. ఆ రాపిడిలో పుట్టే వేడే దాని ఆయుష్షు తినేస్తుంది. ఆయిల్‌లో మునగని డ్రై క్లచ్చు డీసీటీలకి ఇది మరీ ఇబ్బంది. మే నెలలో బంపర్‌కి బంపర్ ఆనించి గంటసేపు పాకితే గేర్‌బాక్స్ వేడెక్కిందని డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక రావచ్చు. ముందు బండికి నాలుగడుగులు ఎడం వదలండి, ఆ ఖాళీ పెరిగాక ఒకేసారి కదిలి మళ్ళీ పూర్తిగా ఆగండి. వెనకవాడు హారన్ కొడతాడు. కొట్టుకోనివ్వండి, క్లచ్చు ప్లేట్ల బిల్లు కట్టేది అతను కాదు.

కౌంట్‌డౌన్ 120 అని చూపించే పెద్ద కూడళ్ళలో ‘ఎన్’ చేసి హ్యాండ్ బ్రేకు వేసుకోవచ్చు. అది గేర్‌బాక్స్ కోసం కాదు, మీ కాలి కోసం. హ్యాండ్ బ్రేకు మాత్రం మరవకూడదు.

అపోహ: ఫ్లైఓవర్ ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా కొంచెం రేజు ఇచ్చి పట్టుకోవాలి.

టార్క్ కన్వర్టర్ బండి దీన్ని కొంతసేపు భరిస్తుంది. ఏఎంటీ, డీసీటీలు భరించవు. యాక్సిలరేటర్‌తో బండిని ఎత్తు మీద నిలబెట్టడమంటే క్లచ్చుని కావాలని కాల్చడమే. కాలో చెయ్యో, బ్రేకుతోనే ఆపాలి. హిల్ హోల్డ్ ఉన్న బండి కూడా బ్రేకు మీంచి కాలు తీశాక రెండు మూడు సెకన్లే పట్టుకుంటుంది. అది బయల్దేరడానికి ఇచ్చిన వ్యవధి, ఆగి ఉండడానికి కాదు.

అపోహ: సిటీలో ‘ఎల్’ లేదా ‘2’, హైవే మీద ‘డి’.

మాన్యువల్ బండి అలవాటు నుంచి వచ్చిన ఆలోచన ఇది. నెమ్మదిగా వెళ్ళేటప్పుడు చిన్న గేరు వెయ్యాలి కదా అని. నిజమే, వెయ్యాలి. ‘డి’లో ఉన్నప్పుడు ఆ పని గేర్‌బాక్సే చేస్తోంది. 10 కిలోమీటర్ల వేగంలో ‘డి’లో ఉన్నా బండి నడిచేది మొదటి గేరులోనే. ‘ఎల్’ వేస్తే కొత్తగా వచ్చే బలమేమీ లేదు. రోడ్డు కాస్త ఖాళీ అయి 40కి చేరినా పై గేరుకి వెళ్ళనివ్వకుండా కట్టేసినట్టవుతుంది. ఇంజన్ అరుస్తుంది, మైలేజీ పడిపోతుంది. సీవీటీలో గేర్లు లేవు కాబట్టి ‘ఎల్’ అంటే మొదటి గేరు కాదు, ఇంజన్‌ని ఎప్పుడూ ఎక్కువ చుట్లలో తిప్పి ఉంచమనే ఆదేశం. ‘ఎస్’ (స్పోర్ట్) కూడా దాదాపు ఇదే: కొత్త శక్తి పుట్టించదు, గేరు మార్చడాన్ని ఆలస్యం చేసి ఉన్న శక్తిని సిద్ధంగా ఉంచుతుంది. రోజంతా ‘ఎస్’లో తిప్పితే లాభపడేది పెట్రోలు బంకే.

ఒక్క మినహాయింపు ఒప్పుకోవాలి. నత్తనడక ట్రాఫిక్‌లో ఏఎంటీ, డీసీటీ బండ్లు ఒకటి, రెండు, మళ్ళీ ఒకటి అని గేర్ల మధ్య ఊగిసలాడుతూ కుదుపుతాయి. అప్పుడు ‘ఎం’ (మాన్యువల్)లోకి మార్చి మొదటి గేరులోనే ఉంచడం తెలివైన పని. ఏఎంటీ కుదుపుకి ఇంకో చిట్కా: గేరు మారబోయే క్షణంలో యాక్సిలరేటర్ మీంచి కాలు కాస్త తేలిక చెయ్యండి. మాన్యువల్ బండిలో క్లచ్చు నొక్కేటప్పుడు తెలియకుండా చేసేవాళ్ళం కదా, అదే.

అపోహ: ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే పెట్రోలు ఆదా.

ఈ జాబితాలో నేరుగా ప్రాణాల మీదకి తెచ్చేది ఇది. కార్బురేటర్ రోజుల్లో ఇందులో కొంత నిజముండేది. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లలో లెక్క తిరగబడింది. గేరులో ఉండి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి దిగుతుంటే చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి. అది గమనించి కంప్యూటర్ ఇంధనం పూర్తిగా ఆపేస్తుంది. చుట్లు ఐడిలింగ్ దగ్గరికి పడిపోయేదాకా కాలేది సున్నా. న్యూట్రల్‌లో పెడితే ఇంజన్ తనంతట తాను బతికి ఉండాలి కాబట్టి ఐడిలింగ్‌కి పెట్రోలు పోస్తూనే ఉండాలి. చిన్న కారుకి అది గంటకు సుమారు అర లీటరు నుంచి లీటరు దాకా ఉంటుంది. అంటే ఆదా అనుకున్నది ఖర్చు.

ఖర్చు సంగతి అలా ఉంచండి. తిరుమల కొండ దిగే పాత ఘాట్ రోడ్డు 1944లో మొదలైంది. అందులో 36 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. న్యూట్రల్‌లో ఇంజన్ పట్టు పోతుంది, బండి బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. ప్యాడ్లు వేడెక్కి పట్టు తగ్గుతుంది. ఇంకా వేడెక్కితే బ్రేకు ఆయిల్ మరిగి పెడలు మెత్తగా లోపలికి దిగిపోతుంది. కొండ దిగి ఆగిన కారు చక్రాల దగ్గర కాలిన వాసన వస్తే అది బ్రేకు ప్యాడ్లదే. మరో పది మలుపులు ఉంటే ఏమయ్యేదో అనుకుని సంతోషించాలి.

‘ఎల్’, ‘2’, ‘ఎం’ ఉన్నది ఇదిగో, ఇలాంటి చోటు కోసం. దిగుడు మొదలవ్వకముందే వేగం తగ్గించి ‘2’లోనో, ‘ఎం’లో రెండో గేరులోనో పెట్టండి. సీవీటీ అయితే ‘ఎల్’ లేదా ‘ఎస్’. ఇంజనే బండిని వెనక్కి పట్టుకుంటుంది, మలుపు ముందు మాత్రం బ్రేకు కొద్దిగా అందితే చాలు. ఇంజన్ 3,500 చుట్లు తిరుగుతూ మూలుగుతుంటే భయపడొద్దు, దానికి అది శ్రమ కాదు. అనంతగిరి మీదుగా అరకు నుంచి దిగినా, శ్రీశైలం నుంచి దోర్నాల వైపు దిగినా పద్ధతి ఇదే. కొలరాడోలో రాకీ పర్వతాలు దిగే రోడ్ల మీద చిన్న గేరు వెయ్యమని బోర్డులుంటాయి. ఆటోమేటిక్ తప్ప మరోటి ఎరగని అమెరికా తెలుగువాళ్ళలో చాలామంది ఆ బోర్డు లారీలకనుకుని సాగిపోతారు. అది కారుకి కూడా.

కొన్ని కొత్త బండ్లలో చదును హైవే మీద కాలు తీయగానే కంప్యూటరే గేర్‌బాక్స్‌ని విడదీసి బండిని తేలిపోనిచ్చే ఏర్పాటు ఉంది. దాన్ని చూపించి న్యూట్రల్ వాదం గెలిచిందనేవాళ్ళు ఉన్నారు. బ్రేకు తాకగానే రెప్పపాటులో గేరు తిరిగి కలిపేది అక్కడ కంప్యూటర్. మన చెయ్యి అంత చురుకు కాదు. కొన్ని హైబ్రిడ్‌లలో ఉండే ‘బి’ కూడా దిగుడు కోసమే. బ్యాటరీ ఎక్కువ నిండుతుందని సిటీలో రోజంతా దాన్నే వాడితే మైలేజీ పెరగదు.

అపోహ: ఓవర్‌టేక్ చెయ్యడానికి ఆటోమేటిక్‌లో పికప్ ఉండదు.

ఉంటుంది, అడగడం తెలియాలి. యాక్సిలరేటర్‌ని గట్టిగా అడుగుదాకా నొక్కితే గేర్‌బాక్స్ ఒకటో రెండో గేర్లు కిందికి దిగి బలం తెస్తుంది. దీన్నే కిక్‌డౌన్ అంటారు. సీవీటీలో ముందు ఇంజన్ శబ్దం పెరుగుతుంది, వేగం తర్వాత వస్తుంది. అది క్లచ్చు జారడం కాదు, దాని స్వభావం. ఏఎంటీతో మాత్రం జాగ్రత్త. క్లచ్చు విడవాలి, గేరు మారాలి, మళ్ళీ కలవాలి. ఆ సెకను పాటు బండి ఊపిరి బిగబట్టినట్టుంటుంది. రెండు వరుసల రోడ్డు మీద ఎదురుగా లారీ వస్తుండగా ఆ సెకను చాలా పొడుగ్గా అనిపిస్తుంది. అందుకే బయటికి రాకముందే, లారీ వెనక ఉన్నప్పుడే ‘ఎం’లోకి మార్చి ఐదు నుంచి మూడుకి దించి ఉంచండి. నాలుగు వరుసల హైవే మీద ఈ హడావుడి అక్కర్లేదు, ‘డి’ చాలు.

పాత నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లలో ఉండే ‘ఓ/డి’ (ఓవర్‌డ్రైవ్) బటన్ చుట్టూ పెద్ద కథే అల్లారు. అది పై గేరుని ఒప్పుకోవాలా వద్దా అని చెప్పే స్విచ్ మాత్రమే. డ్యాష్‌బోర్డులో ‘ఓ/డి ఆఫ్’ దీపం వెలిగితే నాలుగో గేరు మూసేసినట్టు. ఎత్తు ఎక్కేటప్పుడు, ఓవర్‌టేక్‌కి ముందు అలా మూయడం మంచిదే. ఆ దీపంతోనే విజయవాడ నుంచి హైదరాబాద్ దాకా వచ్చేవాళ్ళు మైలేజీ లేదని కంపెనీని తిడుతుంటారు.

అపోహ: ఆటోమేటిక్ అంటే మైలేజీ గుండు సున్నా.

2021 సెలెరియోలో ఒక వేరియంట్‌కి కంపెనీ ప్రకటించిన ఏఆర్ఏఐ మైలేజీ పరీక్ష అంకెలు: మాన్యువల్ లీటరుకు 25.24 కిలోమీటర్లు, అదే బండి ఏఎంటీ 26.68. రోడ్డు మీద ఈ రెండు అంకెలూ రావు, అది వేరే గొడవ. కానీ ఆటోమేటిక్ ఎప్పుడూ వెనకే అన్నది తప్పని తేలడానికి ఇది చాలు. టార్క్ కన్వర్టర్ మాత్రం సిటీలో కొంత ఎక్కువే తాగుతుంది.

అపోహ: ‘పి’ వేశాక హ్యాండ్ బ్రేకు దండగ.

‘పి’లో బండిని పట్టుకునేది గేర్‌బాక్స్‌లో పళ్ళ చక్రంలోకి దూరే చిన్న లోహపు కొక్కెం. వాలు మీద టన్నుకి పైగా బరువు దాని మీదే వేలాడితే, మళ్ళీ తీసేటప్పుడు ఠంగుమని శబ్దం వస్తుంది. వరస ఇది: బ్రేకు, ‘ఎన్’, హ్యాండ్ బ్రేకు, కాలు తీసి బండి బరువు హ్యాండ్ బ్రేకు మీద పడనిచ్చి, మళ్ళీ బ్రేకు నొక్కి ‘పి’. చాలా ఏఎంటీల్లో అసలు ‘పి’నే ఉండదు. గేరులో ఉంచి ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేకు వెయ్యాలి. ఇది లోపమేమీ కాదు, తొలి హైడ్రామాటిక్‌లలోనూ ‘పి’ లేదు. ‘ఆర్’లో పెట్టి ఇంజన్ ఆపితే బండి బిగుసుకునేది.

ఎడమ కాలితో బ్రేకు, కుడి కాలితో యాక్సిలరేటర్ అనేది కూడా వదిలేయాల్సిన అలవాటే. క్లచ్చుకి అలవాటు పడ్డ ఎడమ కాలు బ్రేకుని క్లచ్చులాగే తొక్కేస్తుంది. దానికి పని లేదు, విశ్రాంతి ఇవ్వండి.

అపోహ: వేగంగా వెళ్తున్నప్పుడు ‘ఎన్’ చేస్తే గేర్‌బాక్స్ ముక్కలవుతుంది.

కాదు. 2009 ఆగస్టులో అమెరికాలోని శాన్‌డియాగో దగ్గర ఒక లెక్సస్ కారులో యాక్సిలరేటర్ ఇరుక్కుపోయి నలుగురు చనిపోయారు. ఆ మోడల్‌ది కాని రబ్బరు మ్యాట్ పెడలుని పట్టేసిందని దర్యాప్తులో తేలింది. కాళ్ళ కింద ఒకదాని మీద ఒకటి మ్యాట్లు పరిచే మన ఊళ్ళలో ఇది మరో ఖండం కథ కాదు. అలాంటప్పుడు బ్రేకు బలంగా నొక్కుతూ ‘ఎన్’లోకి తోసేయాలి. 1968 నుంచి అమల్లో ఉన్న అమెరికా ప్రమాణం ప్రకారం ‘ఆర్’కీ ‘డి’కీ మధ్య ‘ఎన్’ ఉండి తీరాలి. చాలా బండ్లలో ‘డి’ నుంచి ‘ఎన్’కి మార్చడానికి బటన్ నొక్కే పని కూడా లేదు, రాడ్డుని ముందుకు తోస్తే చాలు. ఇంజన్ గొంతు చించుకుంటుంది, దానికి చుట్ల పరిమితి ఉంది, అరవనివ్వండి. బండి పక్కకి తీసి పూర్తిగా ఆగాకే ఇంజన్ ఆపండి. ముందే ఆపేస్తే స్టీరింగ్ బిగుస్తుంది, బ్రేకు బరువెక్కుతుంది.