సీటు వస్తుందా? ముందు కూర్చుని లెక్క చూద్దాం



మే, జూన్ నెలలు వచ్చాయంటే మన సంఘాలలో ప్రార్థన విన్నపాల చీటీలన్నీ ఇంచుమించు ఒకే మాట చెబుతాయి. "మా బాబుకి మంచి కాలేజీలో సీటు రావాలి", "మా పాపకి ఎంబీబీఎస్ రావాలి". రాజమహేంద్రవరం నుండి నరసాపురం వరకు, అమలాపురం నుండి భీమవరం వరకు ఈ విన్నపం లేని ఆదివారం ఉండదు. ప్రార్థించడం మంచిదే. అయితే ఆ చీటీ రాసిన తల్లిదండ్రులను ఆరాధన అయ్యాక పక్కకు పిలిచి, "బాబు ర్యాంకు ఎంతమ్మా? ఏ కేటగిరీ? పోయిన ఏడు ఆ కాలేజీలో చివరి సీటు ఎన్నో ర్యాంకుకు వచ్చింది?" అని అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు.

గోపురం కట్టాలనుకున్నవాడు మొదట కూర్చుని తన దగ్గరున్నది చాలునో లేదో లెక్క చూసుకోవద్దా అని ప్రభువు అడిగిన సంగతి లూకా సువార్త 14వ అధ్యాయంలో చదువుకున్నాం. పిల్లల సీటు విషయంలో ఆ లెక్క చూడకపోవడం వల్ల రెండు రకాల నష్టం జరుగుతోంది. రాని సీటు కోసం బంగారం తాకట్టు పెట్టి లాంగ్‌టర్మ్ కోచింగులకు కట్టే కుటుంబాలు కొన్ని. రాగల సీటుకు దరఖాస్తు అయినా చేయని కుటుంబాలు మరికొన్ని. ఈ లెక్కకు పెద్ద చదువు అక్కరలేదు. ఎలా వేయాలో ఈ వారం వివరిస్తున్నాము.

మార్కు వేరు, ర్యాంకు వేరు

సీటు ఇచ్చేది మార్కు కాదు, ర్యాంకు. నీట్‌నే చూడండి. 2024లో సవరించిన ఫలితాలలో 720కి 720 తెచ్చుకున్నవారే 17 మంది ఉన్నారు. 2025లో పేపరు కష్టంగా వచ్చింది. ఆ ఏడు దేశంలో మొదటి ర్యాంకు విద్యార్థికి వచ్చినవి 686. కాబట్టి "పక్కింటివాళ్ల అమ్మాయికి ఇన్ని మార్కులకు సీటు వచ్చింది, మాకూ రావాలి" అనే పోలిక, ఏడు మారితే పనికిరాదు.

జేఈఈ మెయిన్‌లో వచ్చే పర్సంటైల్‌ను కూడా మార్కుల శాతం అనుకుని పొరబడతాం. 95 పర్సంటైల్ అంటే నూటికి 95 మార్కులు అని కాదు, రాసినవారిలో సుమారు 5 శాతం మంది మన బిడ్డకన్నా ముందున్నారని. 2025లో ఆ పరీక్ష రాసినవారు 14 లక్షల పైచిలుకు. అందులో 5 శాతం అంటే 70 వేలు దాటుతుంది. దేశంలోని ఎన్ఐటీలన్నిటిలో కలిపి ఉన్న సీట్లు దాదాపు 24 వేలు. రిజర్వేషను ఉన్నవారికి లెక్క మారుతుంది గాని, 95 అనే అంకె చూసి ఇంట్లో స్వీట్లు పంచేముందు ఇది తెలిసి ఉండాలి.

మన రాష్ట్ర ఈఏపీసెట్‌లో ఇంకో సంగతి ఉంది. ఆ ర్యాంకులో పరీక్ష మార్కులకు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకు 25 శాతం వెయిటేజి ఉంటుంది. "ఇంటర్ పాసైతే చాలు, ఎంట్రన్స్ చూసుకుందాం" అనే సలహా బిడ్డ ర్యాంకును వెనక్కి లాగుతుంది.

క్వాలిఫై అయితే సీటు వచ్చినట్టు కాదు

2025లో నీట్ క్వాలిఫై అయినవారు దేశవ్యాప్తంగా 12 లక్షలకు పైనే. ఎంబీబీఎస్ సీట్లు, ప్రభుత్వ, ప్రైవేటు కాలేజీలన్నీ కలిపి సుమారు 1.2 లక్షలు. అంటే క్వాలిఫై అయిన ప్రతి పదిమందిలో ఒకరికే సీటు. "క్వాలిఫై అయ్యాడు" అని సంఘంలో సాక్ష్యం చెప్పి, ఆగస్టులో సీటు రాలేదని ఆ పిల్లవాడు ఆరాధనకు రావడమే మానేస్తే ఆ గాయంలో మన తొందరపాటుకూ పాలు ఉంటుంది.

వెల్లూరు సీఎంసీ విషయంలోనూ ఇదే పొరబాటు చూస్తుంటాం. అక్కడ సంఘాల స్పాన్సర్‌షిప్‌తో చేరే మార్గం ఉన్న మాట నిజం. అయితే స్పాన్సర్‌షిప్ ఉత్తరమే సీటు కాదు. అక్కడా నీట్ ర్యాంకే చూస్తారు. చదువు ముగిశాక సేవ చేసే ఒప్పందం కూడా ఉంటుంది. ఆ సేవకు మనసు లేని బిడ్డను కేవలం సీటు కోసం అటు తోయడం తగదు.

ఏ వరుసలో నిలబడ్డాం?

ఒకే ర్యాంకుకు ఒకరికి సీటు వచ్చి మరొకరికి రాకపోవడానికి కారణం, వారు వేర్వేరు వరుసలలో నిలబడి ఉండడమే. మొదటిది ప్రాంతం. రాష్ట్ర కౌన్సెలింగులో 85 శాతం సీట్లు స్థానికులవి. గోదావరి జిల్లాలవారు ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలోకి వస్తారు. తాడేపల్లిగూడెంలోని ఎన్ఐటీలో సగం సీట్లు మన రాష్ట్రంవారికి. ఐఐటీలలో అలాంటి రాష్ట్ర కోటా లేదు.

రెండవది కేటగిరీ. ఇది మన సంఘాలలో బహిరంగంగా మాట్లాడడానికి ఇబ్బందిపడే విషయం, అయినా చెప్పక తప్పదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే ఎస్సీ హోదా వర్తిస్తుంది. షెడ్యూల్డ్ కులాల నుండి క్రైస్తవ్యంలోకి వచ్చినవారు, వారి సంతానం మన రాష్ట్రంలో బీసీ-సీ. ఎస్సీలకు 15 శాతం సీట్లుంటే బీసీ-సీకి ఉన్నది 1 శాతం. ఇది న్యాయం కాదని దళిత క్రైస్తవులు దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు. ఈ విషయం పరిశీలించడానికి కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను కూడా నియమించింది. ఆ పోరాటం సాగాలి. కాని ఈ ఏడు మన బిడ్డ సీటు నిర్ణయమయ్యేది ఈనాటి చట్టం ప్రకారమే.

అందుచేత ఏ పత్రం మీకు నిజంగా వర్తిస్తుందో ఇప్పుడే సచివాలయంలో అడిగి తెలుసుకుని, ఆ కేటగిరీ కిందే లెక్క వేయండి. సరికాని పత్రంతో వచ్చిన సీటు చదువు మధ్యలో పోయే ప్రమాదం ఉంది. పోకపోయినా, ఆ భయాన్ని పద్దెనిమిదేళ్ల బిడ్డ నెత్తిన పెట్టి కాలేజీకి పంపడం తల్లిదండ్రులుగా మనం చేయదగిన పని కాదు. కేంద్ర సంస్థలలో ఓబీసీ కోటాకు వేరే నమూనాలో, ఆ ఆర్థిక సంవత్సరంలో తీసుకున్న నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి. రాష్ట్రానికి ఇచ్చే పాత పత్రం అక్కడ చెల్లదు. ఏజెన్సీలోని గిరిజన విశ్వాసులు కంగారుపడనక్కరలేదు. ఎస్టీ హోదాకు మతంతో నిమిత్తం లేదు.

చివరి ర్యాంకుల పట్టిక

ఇక అసలు లెక్క. ఈఏపీసెట్‌కు, జేఈఈ కౌన్సెలింగ్ అయిన జోసాకు, ఏ కాలేజీలో ఏ బ్రాంచిలో ఏ కేటగిరీకి చివరి సీటు ఎన్నో ర్యాంకుకు వచ్చిందో చూపే పట్టికలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక్క ఏడు కాదు, మూడేళ్లవి తీయండి. మన కేటగిరీ, అమ్మాయా అబ్బాయా, స్థానిక ప్రాంతం, ఇవి సరిచూసుకుని చదవండి.

ఉదాహరణకు మన అమ్మాయి ర్యాంకు 30,000 అనుకుందాం. ఒక కాలేజీలో మూడేళ్ల చివరి ర్యాంకులు 38,000, 41,000, 36,000 అయితే ఆ సీటు దాదాపు మన చేతిలో ఉన్నట్టే. 27,000, 33,000, 29,000 అయితే రావచ్చు, రాకపోవచ్చు. 12,000, 14,000, 11,000 అయితే అది ఆశ మాత్రమే. ప్రతి కాలేజీ ఎదుట ఈ మూడు మాటల్లో ఒకటి రాయండి.

బీసీ-సీవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఒక శాతం అంటే వంద సీట్లలో ఒక్కటి. ఆ ఒక్క సీటు ఒక ఏడు మంచి ర్యాంకువారికి, మరో ఏడు చాలా వెనుక ర్యాంకువారికి పోవచ్చు. అంత చిన్న లెక్కను నమ్ముకోలేం. ఓపెన్ కేటగిరీ చివరి ర్యాంకు కూడా పక్కన పెట్టుకుని చూడండి. ఓపెన్ సీట్లకు అందరూ అర్హులే.

ఆప్షన్లు పెట్టేటప్పుడు, తప్పక వచ్చే కాలేజీని పైన పెట్టడం మన పిల్లలు చేసే పెద్ద తప్పు. కంప్యూటరు పైనుండి కిందికి చూసుకుంటూ వచ్చి, ర్యాంకుకు అందిన మొదటి సీటు ఇచ్చేస్తుంది. ఎక్కువ ఇష్టమైనది పైన పెట్టినందువల్ల కింద ఉన్నది పోదు. ఇష్టం ప్రకారం వరుస పెట్టి, తప్పక వచ్చేవి చివరలో ఉండేలా చూసుకోండి.

పదో తరగతి పిల్లలున్న ఇళ్లవారు నూజివీడు ట్రిపుల్ ఐటీని మరచిపోవద్దు. అక్కడ ఎంట్రన్స్ లేదు, పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల చదువుకు ఎంపిక. జిల్లా పరిషత్ హైస్కూలులో చదివిన పిల్లలకు అదనపు వెయిటేజి కూడా ఉంది. కోచింగుకు డబ్బులేని ఇంటికి అది నిజమైన తలుపు.

సంఘం చేయగలిగినది

ప్రతి సంఘంలో ఒక టీచరు గారో, ఇంజనీరింగ్ చదివే అన్నయ్యో ఉంటారు. కౌన్సెలింగ్ మొదలయ్యేముందు ఒక శనివారం సాయంత్రం మందిరంలో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటే పది కుటుంబాలకు ఈ లెక్క వేసి పెట్టవచ్చు. లాంగ్‌టర్మ్ పెట్టాలా వద్దా అన్నదీ అప్పుడే తేలుతుంది. కావలసిన ర్యాంకుకు దగ్గరలో ఆగి, బిడ్డ తానుగా "ఇంకో ఏడు చదువుతాను" అంటే ఆలోచించవచ్చు. దూరం చాలా ఉండి, కోరిక నాన్నగారిది మాత్రమే అయితే ఆ డబ్బు ఇంట్లో ఉండనివ్వండి.

చివరిగా కాపరులకు, పెద్దలకు మా మనవి. "నీకు సీటు ఖాయం" అని ఏ బిడ్డకూ వేదిక మీదనుండి మాట ఇవ్వకండి. గుమ్మం దగ్గర అందరి ముందు ర్యాంకు అడగకండి. ఈ లెక్క చెప్పేది ఒక కాలేజీలో ఒక సీటు గురించి మాత్రమే. బిడ్డ విలువ గురించి ఏ పట్టికా ఏమీ చెప్పదు. సీటు రాని ఆదివారం కూడా ఆ బిడ్డ తన బెంచీ మీద తలెత్తుకుని కూర్చోగలిగితే, మన సంఘం తన పని తాను చేసినట్టే.