విండోస్ మారింది, వైఫై అలిగింది

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. ఆ తేదీకి అటూ ఇటూగా సిద్దిపేటలో కంప్యూటర్ రిపేరు దుకాణాలకు చేతినిండా పని. ఇంటర్నెట్ సెంటర్ల వాళ్లు, ట్యూషన్ చెప్పే సార్లు, ఇంట్లో కూర్చుని హైదరాబాద్ కంపెనీలకు పనిచేసే పిల్లలు విండోస్ 11 వేయించుకున్నారు. వేయించుకున్నాక కొందరు మళ్లీ అదే దుకాణం మెట్లెక్కారు. ఈసారి ఫిర్యాదు వేరు. "మొన్నటిదాక మంచిగనే నడిచింది సార్. ఇప్పుడు వైఫై పట్టుకుంటది, ఇడుస్తది. ఏమైందో తెలుస్తలేదు."

నెట్ అసలే రాకపోతే కారణం దొరకడం తేలిక. వచ్చీపోయే రకమే సతాయిస్తుంది. దుకాణంలో పెడితే బుద్ధిగా పనిచేస్తుంది, ఇంటికి తెస్తే మళ్లీ మొదటికే. విసిగిపోయి ఫైబర్ అతనికి ఫోన్ కొడతాం. అతనొచ్చి రూటర్ ఆపి, కాసేపాగి మళ్లీ ఆన్ చేసి వెళ్తాడు. రెండోసారి పిలిస్తే రూటర్ మార్చుకొమ్మంటాడు. అసలు తప్పు రూటర్‌దేనా అని మాత్రం ఎవరూ చూడరు.

ముందు చూడాల్సింది అదే. మనం "నెట్" అని ఒక్కమాటలో అనేది నిజానికి రెండు దారులు. ల్యాప్‌టాప్ నుంచి గోడ మీది రూటర్ దాకా గాలిలో పోయేది వైఫై. రూటర్ నుంచి బయటికి, అక్కడి నుంచి లోకమంతటికీ పోయేది ఫైబర్. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రధాని మోదీ మిషన్ భగీరథ ప్రారంభించారు. ఆ నీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ కూడా వేయాలన్న ఆలోచనతో టీ-ఫైబర్ వచ్చింది. అందుకని ఈ జిల్లా వాళ్లకు నీళ్ల లెక్కన చెబితే సరిపోతుంది: ట్యాంకు నిండుగా ఉన్నా ఇంట్లో నల్లా పాడైతే బిందె నిండదు, నల్లా ఎంత బాగున్నా ట్యాంకు ఎండితే అంతే సంగతి. విండోస్ మార్చినప్పుడు మనం చెయ్యి పెట్టింది నల్లా మీద. ట్యాంకును ఎవరూ ముట్టుకోలేదు.

ఎక్కడ తెగుతోందో తేల్చడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. స్టార్ట్ మెనూలో సీఎండీ అని మూడు ఇంగ్లిష్ అక్షరాలు కొడితే కమాండ్ ప్రాంప్ట్ అనే నల్లటి విండో తెరుచుకుంటుంది. అందులో ఐపీకాన్ఫిగ్ అని టైపు చేసి ఎంటర్ నొక్కితే కొన్ని వరుసలు పడతాయి. వాటిలో "డీఫాల్ట్ గేట్‌వే" అన్న చోట ఒక నంబరు ఉంటుంది. చాలా ఇళ్లలో అది 192.168.1.1 లేదా 192.168.0.1. అదే మీ రూటర్ చిరునామా. ఇప్పుడు పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి ఆ నంబరు వేసి, మళ్లీ ఖాళీ వదిలి ఒక అడ్డగీత, దానికి ఆనించి టీ అక్షరం పెట్టి ఎంటర్ నొక్కండి. ల్యాప్‌టాప్ సెకనుకోసారి రూటర్‌ను పలకరిస్తుంటుంది. బదులు రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో ఒక్కో వరుసలో పడుతుంటుంది. ఇంకో నల్ల విండో తెరిచి రూటర్ నంబరు బదులు 8.8.8.8 వేసి ఇదే పని చేయండి. అది గూగుల్ నడిపే చిరునామా, అంటే ఇంటి బయటిది. రెంటినీ పక్కపక్కన పెట్టి మీ పని మీరు చేసుకోండి.

నెట్ ఆగిన క్షణాన ఆ రెండు విండోల వంక చూడండి. రెండింటిలోనూ "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" పడుతుంటే తెగింది ఇంట్లోనే. మొదటిది రెండు మూడు మిల్లీసెకన్లతో హాయిగా నడుస్తూ రెండోది మాత్రమే ఆగితే ల్యాప్‌టాప్‌ను తిట్టి లాభం లేదు, ఫైబర్ అతన్నే పిలవాలి. ఈసారి తెర ఫొటో తీసి చూపించొచ్చు, రూటర్ ఆపి పెట్టడంతో సరిపుచ్చలేడు.

మూడో రకం కూడా ఒకటుంది, దీన్ని చాలామంది పట్టుకోలేరు. ఏదీ ఆగదు. కానీ బయటి చిరునామాకు ముప్పై నలభై పట్టే మిల్లీసెకన్లు ఐదారు వందలకు ఎగబాకుతాయి. వైఫై పోలేదు, మీ లైను నిండిపోయింది. కొత్తగా విండోస్ 11 వేశాక తొలి రోజుల్లో అప్‌డేట్లు వెనక దిగుతూనే ఉంటాయి. పైగా మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్తే వన్‌డ్రైవ్ మీ డెస్క్‌టాప్‌ను, ఫొటోలను పైకి ఎక్కించడం మొదలుపెట్టి ఉండొచ్చు. చిన్న ప్లాన్ ఉన్న ఇంట్లో ఆ ఒక్క అప్‌లోడ్ చాలు, అందరి ఫోన్లూ నత్తనడక నడవడానికి. గడియారం పక్కనున్న మబ్బు బొమ్మ నొక్కితే అది ఏం చేస్తోందో కనిపిస్తుంది. అక్కడే కాసేపు ఆపేసి చూడండి.

తెగింది ఇంట్లోనే అని తేలితే, తప్పు రూటర్‌దా ల్యాప్‌టాప్‌దా అన్నది మిగిలిన ప్రశ్న. ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి ల్యాప్‌టాప్‌ను దానికి కలపండి. అక్కడా తెగుతుంటే రూటర్‌ను వదిలేయండి. అక్కడ గంటసేపు నిలబడి ఇంటి వైఫైతోనే పేచీ పెడితే, ఆ రెంటి మధ్యే ఏదో పొసగడం లేదు.

ల్యాప్‌టాప్ తప్పయితే మొదట అనుమానించాల్సింది డ్రైవర్‌ను. లోపల వైఫైకి ఒక చిప్ ఉంటుంది. ఇంటెల్, రియల్‌టెక్, మీడియాటెక్, క్వాల్‌కామ్ కంపెనీల్లో ఎవరో ఒకరిది. విండోస్‌కూ ఆ చిప్‌కూ మధ్య మాట నడిపించే చిన్న ప్రోగ్రామే డ్రైవర్. ల్యాప్‌టాప్ అమ్మిన కంపెనీ తన మోడల్‌కు తగ్గట్టు సరిచూసిన డ్రైవర్ వేసి ఇస్తుంది. అప్‌గ్రేడ్ అప్పుడు విండోస్ దాన్ని పక్కన పెట్టి తన దగ్గరున్నది వేయొచ్చు. దాంతోనూ వైఫై పనిచేస్తుంది. కరెంటు పొదుపు, బ్యాండు ఎంపిక లాంటి చిన్న చిన్న విషయాల దగ్గరే తేడా కొడుతుంది.

స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేస్తే డివైస్ మేనేజర్ కనిపిస్తుంది. అందులో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైర్‌లెస్ లేదా వైఫై అన్న మాట ఉన్న వరుసను రెండుసార్లు నొక్కండి. డ్రైవర్ ట్యాబ్‌లో "రోల్ బ్యాక్ డ్రైవర్" బటన్ వెలిగి ఉంటే పాతదానికి వెళ్లొచ్చు. వెలసిపోయి ఉంటే పాతది మిగల్లేదని అర్థం. అప్పుడు ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీదున్న మోడల్ నంబరుతో ఆ కంపెనీ వెబ్‌సైట్‌లోంచే దించుకోవాలి. నెట్టే లేకుండా దించుకునేదెట్లా అంటారా? ఫోన్‌ను ఛార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఫోన్ నెట్ వైరు మీదుగా వచ్చేస్తుంది. "డ్రైవర్లన్నీ ఒక్క నొక్కుతో" అని ఊరించే ప్రోగ్రాముల జోలికి మాత్రం పోకండి. అవి తెచ్చేది ఒక్కోసారి డ్రైవర్ కన్నా పెద్ద తలనొప్పి.

అదే పెట్టెలో పవర్ మేనేజ్‌మెంట్ అని ఇంకో ట్యాబ్ ఉంటుంది. కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయడానికి కంప్యూటర్‌కు అనుమతివ్వాలా అని అడిగే గడి అందులో ఉంటుంది. కొత్త డ్రైవర్ పడ్డప్పుడు అక్కడ టిక్కు మళ్లీ పడే అవకాశం ఉంది. ఛార్జర్ పెట్టుకున్నంతసేపు బాగుండి బ్యాటరీ మీద తెగుతుంటే, లేదా ల్యాప్‌టాప్ నిద్రలేచిన ప్రతిసారీ వైఫై కోసం తడుముకుంటుంటే, ఆ టిక్కు తీసి చూడండి. ఈమధ్య వచ్చిన కొన్ని మోడళ్లలో ఈ ట్యాబే కనిపించదు, కాబట్టి లేకపోతే కంగారు పడొద్దు.

అర్హత లేని పాత మెషీన్ మీద విండోస్ 11 ఎక్కించిన వాళ్ల బాధ వేరు. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం, ఆపైన ప్రాసెసర్ ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. ఆ తనిఖీని తప్పించి ఎక్కించే ఉపాయాలున్నాయి, దుకాణాల వాళ్లకూ తెలుసు. కానీ అలాంటి మోడల్‌కు కంపెనీ విండోస్ 11 డ్రైవర్ చేసి ఉండకపోతే ఎప్పటిదో డ్రైవర్ కొత్త ఇంట్లో సర్దుకోవాలి. నా మటుకు నాకు, ఉద్యోగం నడిచే ల్యాప్‌టాప్ మీద ఈ ప్రయోగం వద్దు. విండోస్ 10కే ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ 13 దాకా, భద్రతా అప్‌డేట్లు తీసుకునే వీలు మైక్రోసాఫ్ట్ ఇచ్చింది.

డ్రైవర్ సరిగ్గానే ఉండి ఇంటి వైఫైతోనే పేచీ అయితే గాలిలో ఏముందో చూడాలి. ఇప్పటి రూటర్లు చాలావరకు రెండు బ్యాండ్ల మీద పనిచేస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది, వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, కానీ రెండు ఇటుక గోడలు అడ్డమొస్తే నీరసించిపోతుంది. మధ్యలో ఇనుప బీరువా ఉంటే మరీను. రెండింటికీ ఒకటే పేరు పెట్టి ఉంటే దేన్ని పట్టుకోవాలో ల్యాప్‌టాప్ తేల్చుకోవాలి. అప్‌గ్రేడ్‌కు ముందు 2.4 మీద కుదురుగా ఉన్నది, కొత్త డ్రైవర్ వచ్చాక 5 వైపు ఎగబడి, సిగ్నల్ సన్నగిల్లగానే ఇటు దూకి, మళ్లీ అటు పోతుంటుంది. ఆ దూకే ప్రతిసారీ మీ వీడియో కాల్ బిగుసుకుపోతుంది. రూటర్ సెట్టింగ్స్‌లో రెంటికీ వేర్వేరు పేర్లు పెట్టి, వెనక గదిలో 2.4నే వాడితే ఈ తిప్పలు పోతాయి.

ఇదొక్కటే కాదు. 2.4లో మన దేశంలో 13 చానళ్లు వాడొచ్చు. అమెరికాలో మాత్రం మామూలుగా 11 దాకానే. డ్రైవర్ మారాక ల్యాప్‌టాప్ తాను అమెరికాలో ఉన్నాననుకుంటే 12, 13 చానళ్ల వంక చూడనే చూడదు. ఇక కరెంటు పోయి వచ్చిందనుకోండి. రూటర్ మళ్లీ లేచి, ఖాళీగా ఉన్న చానల్ వెతుక్కుని 13లో కూర్చుంటుంది. ఫోన్లన్నిటికీ వైఫై కనిపిస్తుంది, ల్యాప్‌టాప్‌కు పేరే కనిపించదు. ఇంకోసారి కరెంటు పోయి వస్తే దానంతటదే బాగైపోతుంది! రూటర్‌లో చానల్‌ను "ఆటో" మీద వదలకుండా ఒకదానికొకటి అడ్డురాని 1, 6, 11లో ఒకదాని మీద నిలపండి. కోమటి చెరువు వైపు గాని పాత ఊళ్లో గాని ఇల్లు ఇల్లును ఆనుకుని ఉన్నచోట, పక్కింటి రూటర్ దేని మీద ఉందో చూసుకుని మిగతాది ఎంచుకోవడం మేలు.

అప్‌గ్రేడ్‌తో పాటే ఇంట్లోకి వచ్చే ఇంకో దొంగ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. ముందు జాగ్రత్తగా ఫైళ్లన్నీ దాంట్లోకి ఎక్కించి, అలాగే తగిలించి వదిలేస్తాం. యూఎస్‌బీ 3.0 తీగలూ పోర్టులూ పనిచేసేటప్పుడు సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల రేడియో గోల పుట్టిస్తాయని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. డిస్క్ పీకేస్తే వైఫై కోలుకుందంటే విండోస్ నిర్దోషి.

అలాగని విండోస్ ఎప్పుడూ నిర్దోషి కాదు. 2023 డిసెంబరులో విండోస్ 11 అప్‌డేట్ వేసుకున్న చాలామందికి కాలేజీల్లో, ఆఫీసుల్లో వైఫై కలవడం మానేసింది. తప్పు తమ అప్‌డేట్‌లోనే ఉందని మైక్రోసాఫ్ట్ ఒప్పుకుని ఆ మార్పును వెనక్కి తీసుకుంది. ఒకే పేరుతో చాలా రూటర్లు పెట్టి, నడుస్తూ పోతుంటే ఒకదాన్నుంచి ఇంకోదానికి చటుక్కున మార్చే ఏర్పాటు ఉన్నచోటే ఆ దెబ్బ ఎక్కువ తగిలింది. ఇళ్లలో అంతగా లేదు. అందుకని కాలేజీలో పోయి ఇంట్లో వస్తుంటే ల్యాప్‌టాప్ విప్పదీయకండి. ఆ వారంలో వచ్చిన అప్‌డేట్ ఏదో చూడండి.

ఏం చేసినా ఒకసారికి ఒక్కటే మార్చి, సగం రోజైనా వాడి చూడండి. డ్రైవరూ చానలూ టిక్కూ ఒకే గంటలో మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు, రేపు మళ్లీ వస్తే అన్నీ మళ్లీ మొదటి నుంచి. నెట్‌వర్క్ రీసెట్ అనే బటన్‌ను చిట్టచివరికి ఉంచుకోండి. అది దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లన్నీ తుడిచేస్తుంది. విండోస్ 10 నుంచి నేరుగా పైకెక్కిన వాళ్లకు వెనక్కి వెళ్లే దారి మామూలుగా 10 రోజులే తెరిచి ఉంటుంది. జాగా కోసమని "పాత విండోస్ ఫైళ్లు" చెరిపేస్తే ఆ దారి అంతకుముందే మూసుకుపోతుంది.

విండోస్ వద్దనుకుని లినక్స్‌కు మారేవాళ్లూ ఉన్నారు. పాత ల్యాప్‌టాప్‌కు అది మంచి ఆలోచనే. వైఫై తడబాటు మాత్రం అక్కడా తప్పకపోవచ్చు. కొన్ని హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లలో రియల్‌టెక్ 8723బీఈ అనే చిప్ ఉండేది. దానికి రెండు యాంటెనాల చోటున్నా కంపెనీ ఒక్కటే తగిలించింది. లినక్స్ డ్రైవర్ వెళ్లి ఖాళీగా ఉన్న రెండో చోటు నుంచి సిగ్నల్ వెతికేది. రూటర్ పక్కన కూర్చుంటేనే వైఫై, గది దాటితే మాయం. ఏ యాంటెనా వాడాలో డ్రైవర్‌కు ఒక్క వరుసలో చెబితే సరిపోయేది. ఆ వరుస తెలియక ఎంతమంది కొత్త రూటర్లు కొన్నారో!

ఇక ఇంటర్నెట్ సెంటర్లు, మీసేవ కౌంటర్ల సంగతి. అక్కడ కంప్యూటర్ లేచి నడవదు, రూటర్ రెండు మూరల దూరంలో ఉంటుంది, ఎదురుగా పది మంది నిలబడి ఉంటారు. అలాంటి చోట వైఫైని బాగుచేసుకుంటూ కూర్చోవడమే దండగ పని. ఒక ల్యాన్ కేబుల్ కొని రూటర్ వెనక పోర్టుకు గుచ్చేయండి. సన్న ల్యాప్‌టాప్‌లకు ఆ రంధ్రం లేకపోతే యూఎస్‌బీకి తగిలించే ల్యాన్ అడాప్టర్ దొరుకుతుంది.