కడలి చదువు

డాల్ఫిన్లతో ఈతలు, పగడపు దిబ్బల్లో షికార్లు... సముద్ర జీవశాస్త్రం అనగానే కళ్లముందు కదిలే బొమ్మ ఇదే! అసలు చదువు మాత్రం మోకాలిలోతు బురదలో మొదలై సుప్రీంకోర్టు తీర్పుల దాకా వెళ్తుంది. మధ్యలో రొయ్యల చెరువులుంటాయి, తాబేలు గుడ్లుంటాయి, గంగపుత్రుల బతుకులుంటాయి.

బైపీసీ చదివిన పిల్లల్ని ‘తర్వాతేంటి?’ అని అడిగి చూడండి. మెడిసిన్ అంటారు. రాకపోతే? డెంటల్, అగ్రికల్చర్, వెటర్నరీ, ఫార్మసీ... జాబితా అక్కడితో అయిపోతుంది. ‘సముద్రం గురించి చదువుతా’ అనే అమ్మాయో అబ్బాయో ఏ వందమందిలో ఒకరు. ఆ మాట వినగానే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న... ‘చేపల గురించి చదివితే ఉద్యోగమెవరిస్తారు?’

వెయ్యి కిలోమీటర్ల తీరం పక్కన కూర్చుని అడిగే ప్రశ్నేనా ఇది? ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఓడరేవులు, మందుల కంపెనీలు, విద్యుత్ కేంద్రాలు, హేచరీలు, లక్షల ఎకరాల చెరువులు, వందలాది మత్స్యకార గ్రామాలు. వీటన్నిటి మధ్యా పేచీ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు నీళ్లు పరీక్షించాలి, జీవాల్ని లెక్కపెట్టాలి, చట్టం ఏం చెబుతోందో చూడాలి. సముద్ర జీవశాస్త్రానికి పర్యావరణ నిర్వహణ తోడైతే తయారయ్యే మనుషులు వీళ్లే.

విశాఖలో వేసిన విత్తు

మన దేశంలో సముద్రాన్ని విశ్వవిద్యాలయ పాఠంగా మార్చిన తొలి చోట్లలో విశాఖపట్నం ఒకటి. 1952లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్రా యూనివర్సిటీకి ఆచార్యుడిగా వచ్చారు. నౌకాదళం ఓడల సాయంతో విద్యార్థుల్ని బంగాళాఖాతంలోకి తీసుకెళ్లి నీటి ఉష్ణోగ్రత, లవణీయత కొలవడం నేర్పారు. అట్టడుగు చల్లటి నీరు పోషకాలతో సహా పైకి ఉబికి వచ్చే తీరునూ మన తీరంలో ఆయన బృందమే పరిశీలించింది. పోషకాలు పైకొస్తే నాచు పెరుగుతుంది, నాచు పెరిగితే చేప పెరుగుతుంది. చేపల వేటకు మూలం అదే.

మరో పదేళ్లకు, 1963లో అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలో భాగంగా లాఫాండ్ మళ్లీ ఇటొచ్చారు. ప్రయాణించిన నౌక పేరు ఆంటన్ బ్రూన్. అంతకుముందు అది అమెరికా అధ్యక్షుడి విహార నౌక! మన తీరానికి ఎదురుగా సముద్రం అడుగున మూడు పెద్ద లోయలు ఉన్నట్టు అప్పుడు తేలింది. వాటికి పెట్టిన పేర్లేంటో తెలుసా? ఆంధ్రా, కృష్ణా, మహదేవన్. మూడోది ఆంధ్రా యూనివర్సిటీ భూగర్భశాస్త్ర ఆచార్యుడు సి.మహదేవన్ పేరు.

మరోవైపు జంతుశాస్త్ర విభాగంలో పి.ఎన్.గణపతి లాంటి ఆచార్యులు తీరంలోని జీవాల మీద తరాల తరబడి విద్యార్థుల్ని తీర్చిదిద్దారు. అలా నాటిన విత్తే ఇవాళ్టి మెరైన్ లివింగ్ రిసోర్సెస్ విభాగం.

ముక్కు మూసుకుంటే కుదరదు

ఈ కోర్సులో చేరినవాళ్లకు మొదట నేర్పేది ఆటుపోట్ల లెక్క. నీరు ఎప్పుడు వెనక్కి తగ్గుతుందో తెలిస్తేనే రాళ్ల మధ్య గుంటల్లోకి దిగగలరు. చేతిలో ఒక చదరపు చట్రం ఉంటుంది. దాన్ని రాతిమీద పెట్టి, లోపల ఎన్ని గుల్లలున్నాయి, ఎంత నాచుంది, ఎన్ని సముద్రపు పూలున్నాయి... ఒక్కొక్కటీ లెక్క రాసుకోవాలి. కాస్త జరిపి మళ్లీ లెక్క. ఎండ మాడ్చేస్తుంటుంది, కాలు జారుతుంటుంది. లెక్క మాత్రం తప్పకూడదు.

పడవెక్కితే ఇంకో పరీక్ష. కొందరికి తీరం దాటగానే కడుపులో తిప్పడం మొదలవుతుంది. అలాగే నిలబడి సన్నటి వల విసిరి ప్లవకాలను, అంటే నీటితో పాటు కొట్టుకుపోయే సూక్ష్మజీవాలను, పట్టాలి. ఇనుప దవడల్లాంటి పరికరంతో అడుగునున్న బురద పైకి తీసి జల్లెడ పట్టాలి. అందులో దొరికే పురుగులే అసలు సాక్షులు. కాలుష్యం పెరిగితే సున్నితమైన జాతులు మాయమై, ఎలాంటి మురికినైనా తట్టుకునే ఒకటి రెండు రకాలే గుంపులుగా మిగులుతాయి. నీటి నమూనా ఆ రోజు సంగతి చెబుతుంది. బురదలో పురుగులు కొన్ని నెలల చరిత్ర చెబుతాయి!

ఆ తర్వాత ప్రయోగశాల. ఫార్మలిన్ ఘాటు, చేపల వాసన. కానాగంత తలలోంచి చెవిరాయి తీసి, దానిమీది వలయాలు చూసి చేప వయసు అంచనా కడతారు... చెట్టు మొదలు కోసి వయసు చెప్పినట్టే. పడ్డ చేపల్లో పిల్లలెన్ని, గుడ్లు పెట్టే ఈడువెన్ని అన్న లెక్క తేలితేనే వలకన్ను ఎంతుండాలో చెప్పగలరు.

ఆడపిల్లలకు ఇవన్నీ కుదురుతాయా అనే పెద్దలు ఒక్క పేరు గుర్తుంచుకోవాలి... అదితి పంత్. గోవాలోని జాతీయ సముద్ర అధ్యయన సంస్థలో పనిచేసిన ఆమె, భూగర్భ శాస్త్రవేత్త సుదీప్తా సేన్‌గుప్తాతో కలిసి 1983లో బయల్దేరిన యాత్రలో అంటార్కిటికాలో అడుగుపెట్టారు. భారతీయ మహిళా శాస్త్రవేత్తల్లో వాళ్లే మొదటివాళ్లు.

చెరువు నేర్పిన పాఠం

జీవశాస్త్రం ఒక్కటే ఎందుకు చాలదో తెలియాలంటే మన రొయ్యల చరిత్ర చూడాలి. 1990ల మొదట్లో టైగర్ రొయ్య కోస్తాను ఊపేసింది. వరి పొలాలు చెరువులయ్యాయి. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చింది. చెరువులకు చెరువులే ఖాళీ అయ్యాయి. అప్పులు మిగిలాయి. ఇంకోపక్క తాగునీటి బావులు ఉప్పుబారుతున్నాయని, పొలాలు పాడవుతున్నాయని తీర గ్రామాల గోడు. కేసు సుప్రీంకోర్టుకెళ్లింది. కోర్టు నాగ్‌పూర్‌లోని నీరి శాస్త్రవేత్తలను పంపి తీరాన్ని పరిశీలింపజేసింది. సంప్రదాయ పద్ధతుల్లోనివి తప్ప తీర నియంత్రణ మండలిలోని రొయ్యల చెరువులను తొలగించాలని 1996 డిసెంబరు 11న తీర్పు చెప్పింది. దానిమీద పునఃపరిశీలన పిటిషన్లు, వాదోపవాదాలు నడిచాయి. చివరికి 2005లో పార్లమెంటు చట్టం చేసి, నమోదు చేసుకున్న చెరువులకు నిబంధనలతో అనుమతినిచ్చింది. 2009లో పసిఫిక్ తీరపు వనామీ రొయ్యకు దారి తెరిచారు. ఈసారి తల్లి రొయ్యల్ని విదేశాల నుంచి తెచ్చి, ముందు క్వారంటైన్‌లో ఉంచి, రోగం లేదని తేలాకే హేచరీలకివ్వాలని నియమం పెట్టారు.

ఈ కథలో వైరస్ ఉంది, ఉప్పునీరుంది, రైతు అప్పుంది, చట్టం ఉంది. ఏ ఒక్కటి తెలిసినా చాలదు. భీమవరం చుట్టుపక్కల రాత్రంతా తిరిగే ఏరియేటర్ల వెనకా ఇదే శాస్త్రం. పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ విడుదల చేస్తుంది. రాత్రి అదే నాచు ఆక్సిజన్‌ని పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చెరువులో ప్రాణవాయువు అట్టడుగుకు పడిపోతుంది. ఆ గంటల్లో కరెంటు పోతే రైతు గుండె ఆగినంత పనవుతుంది. చదువుకుని వచ్చిన టెక్నీషియన్ విలువ తెలిసేది అప్పుడే.

తాబేలు చుట్టూ తగవు

ఇంకో ఉదాహరణ ఆలివ్ రిడ్లే తాబేలు. ఏటా శీతకాలం చివర్లో తీరానికొచ్చి ఇసుకలో గుంట తవ్వి వందకు పైగా గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. ఒకటిన్నర, రెండు నెలల్లో పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడెక్కితే ఎక్కువగా ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు. అంటే ఎండలు ముదిరేకొద్దీ ఆడామగా నిష్పత్తే మారిపోతుందన్నమాట! ఇదంతా జీవశాస్త్రం.

ఇక నిర్వహణ. తాబేలు గాలి పీల్చే ప్రాణి. ట్రాల్ వలలో చిక్కి నీటి అడుగునే ఉండిపోతే ఊపిరాడక చనిపోతుంది. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల సంఖ్యలో తాబేళ్ల కళేబరాలు కొట్టుకొచ్చాయి. తూర్పుతీరంలో వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. చేపలు గుడ్లుపెట్టే కాలాన్ని చూసి పెట్టిన గడువది. తాబేళ్లు ఎక్కువగా వచ్చేది జనవరి - మార్చి మధ్య. నిషేధం మొదలయ్యే నాటికి రావాల్సినవి వచ్చేసి, చావాల్సినవి చచ్చిపోతాయి. అలాగని ఇంకో మూడు నెలలు వేట ఆపమంటే మత్స్యకారుడి ఇంట్లో పొయ్యి వెలిగేదెలా? వలకు తాబేలు తప్పించుకునే ద్వారం పెట్టమంటే, దాంతోపాటు పడ్డ సరుకూ పోతుందని వాళ్ల బాధ. ఆ ద్వారం సంగతి తేలలేదనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యల దిగుమతిని ఆపింది. తాబేలు, మత్స్యకారుడు, ఎగుమతిదారు... ముగ్గురూ ఒప్పుకొనే దారి వెతకడమే ఈ చదువులో అసలు పరీక్ష.

లెక్క చూసి నమ్మాలి

తమిళనాడులోని పరంగిపేట్టైలో అన్నామలై యూనివర్సిటీకి సముద్ర జీవశాస్త్ర కేంద్రం ఉంది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత అక్కడి శాస్త్రవేత్తలు చుట్టుపక్కల 18 తీర పల్లెల్ని అధ్యయనం చేశారు. మడ అడవుల అండ ఉన్నచోట ప్రాణనష్టం తక్కువని 2005లో ప్రకటించారు. మరుసటి ఏడాదే ఇంకొందరు పరిశోధకులు అవే లెక్కల్ని తిరగేసి చూశారు. ఊరు ఎంత దూరంలో ఉంది, ఎంత ఎత్తులో ఉంది అన్నవే ప్రధాన కారణాలని వాదించారు. మడ అడవి చేపపిల్లలకు పుట్టిల్లు, అందులో సందేహం లేదు. కానీ సునామీని ఆపేస్తుందన్న భరోసాతో అలల అంచున ఇల్లు కట్టుకుంటేనో? ఒక మంచి సంగతిని సైతం లెక్క చూసే నమ్మాలని విద్యార్థికి నేర్పే పాఠమిది.

ఈ నేర్పు పనికొచ్చేది పర్యావరణ ప్రభావ నివేదిక చేతిలోకొచ్చినప్పుడు. 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరిగే ప్రాజెక్టులకు నివేదిక సారాంశం స్థానిక భాషలోనూ ఇవ్వాలి. ‘ఇక్కడ చెప్పుకోదగ్గ జీవాలేవీ లేవు’ అని అందులో ఉంటే... లెక్క ఏ నెలలో తీశారు? మేలో తీస్తే తాబేలు ఎలా కనిపిస్తుంది? ఈ ప్రశ్న అడగగల మనిషి ఊళ్లో ఒక్కరున్నా సభ తీరే మారుతుంది.

చదువెక్కడ... కొలువెక్కడ?

ఆంధ్రా యూనివర్సిటీలో మెరైన్ బయాలజీ-ఫిషరీస్, పర్యావరణ శాస్త్రాల్లో పీజీలున్నాయి. నెల్లూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీలోనూ మెరైన్ బయాలజీ విభాగముంది. ఆంధ్రప్రదేశ్‌లోని ఈ పీజీ సీట్లకు దారి ఏపీ పీజీసెట్. పొరుగున కేరళలో కొచ్చిన్ యూనివర్సిటీ, కుఫోస్ ఉన్నాయి. ఇంటర్ తర్వాతే ఇటు రావాలనుకుంటే నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్‌సీ ఉంది. ముత్తుకూరు మత్స్య కళాశాల దానికి పాత చిరునామా.

ఇక్కడో హెచ్చరిక. ఈ రెండు చదువులూ ఒకటి కాదు. మత్స్యశాఖ, వ్యవసాయ పరిశోధన మండలి పోస్టుల్లో కొన్నిటికి మత్స్యశాస్త్ర పట్టానే అడుగుతారు. చేరేముందే ఉద్యోగ ప్రకటనలు తీసి అర్హతలు చదువుకోవడం మంచిది. పీజీ చేతికొస్తే పరిశోధన వైపు కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, గోవా సంస్థ ఉన్నాయి. రెండింటికీ విశాఖలో శాఖలున్నాయి. వాటిలోకి వెళ్లాలంటే నెట్ లాంటి పరీక్షలు గట్టెక్కాలి. తీరంలేని తెలంగాణ పిల్లలకూ దారుంది. చేపలు ఎక్కడ దొరుకుతాయో ఉపగ్రహ సమాచారంతో చెప్పేది, 2007 నుంచి సునామీ హెచ్చరికలు ఇస్తున్నది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిసే కదా!

త్వరగా దొరికేవి హేచరీలు, దాణా కంపెనీలు, నీటి పరీక్ష కేంద్రాలు, పర్యావరణ సలహా సంస్థల కొలువులు. డిగ్రీ చేతికి రాగానే లక్షల జీతాలేం రావు. రాత్రి డ్యూటీలుంటాయి, ఊరికి దూరంగా సముద్రపు ఒడ్డున బతకాల్సి వస్తుంది. సలహా సంస్థలో చేరితే అనుమతి కావాలనే కంపెనీ డబ్బులతోనే ఆ కంపెనీ మీద నివేదిక రాయాల్సిన పరిస్థితి. కనిపించిన జీవాన్ని కనిపించినట్టు రాసే ధైర్యం ఏ సిలబస్‌లోనూ ఉండదు. అది ఇంటి నుంచే రావాలి.

కాబట్టి, మీ అమ్మాయో అబ్బాయో సముద్రం చదువుతానంటే వెంటనే కొట్టిపారేయకండి. ముందు ఓ ఆదివారం పొద్దున్నే ఆటు సమయం చూసుకుని దగ్గర్లోని రాళ్ల తీరానికి తీసుకెళ్లండి. ఎండెక్కాక కూడా ఇంటికి రానని మొండికేస్తే... అప్పుడు ఫీజుల సంగతి మాట్లాడుకోవచ్చు!